అతుకుల బొంతలో క్రిస్మస్ వెలుగు

డిసెంబరు మొదటి వారం వచ్చిందంటే చాలు, మన వీధుల్లోకి నక్షత్రాలు దిగి వస్తాయి. ఇంటింటి ముందూ ఒక్కో రంగు నక్షత్రం. సంఘంలోని యవ్వనస్తులు గిటారు, డోలు పట్టుకుని క్యారల్స్‌కు బయలుదేరతారు. అయితే ఏటా ప్రతి సంఘంలోనూ ఏదో ఒక ఇంటి ముందు నక్షత్రం వెలగదు. క్యారల్స్ బృందం ఆ గుమ్మం దగ్గరికి రాగానే పాట గొంతు తగ్గుతుంది. ‘‘ఈ ఏడు మాకు పండుగ లేదు బాబూ’’ అంటుంది లోపలి నుంచి వచ్చిన పెద్దావిడ. కిందటి క్రిస్మస్‌కు ఆమె పక్కన నిలబడి పాటలు పాడిన భర్త ఈ ఏడు లేడు. ‘‘దేవుడు ఆదరిస్తాడమ్మా’’ అని చెప్పి మనం పక్క గుమ్మానికి వెళ్లిపోతాం. ఆ మాట నిజమే. కాని దేవుడు ఆమెను ఎవరి చేతులతో ఆదరించాలి?

ఈ ప్రశ్నకు సూదీ దారంతో జవాబు చెప్పిన స్త్రీలున్నారు.

అమెరికాలోని అలబామా రాష్ట్రంలో నది మెలిక తిరిగే చోట, మూడు వైపులా నీళ్ల మధ్య గీస్ బెండ్ అనే చిన్న పల్లె ఉంది. పత్తి తోటల్లో బానిసలుగా బతికిన నల్లజాతివారి సంతతి అక్కడివాళ్లు. ఒకనాటి తోట యజమాని ఇంటిపేరు పెట్‌వే. ఆ ఊళ్లో చాలామందికి నేటికీ అదే ఇంటిపేరు. పూర్వం వాళ్లవి చెక్క ఇళ్లు. చలికాలంలో పలకల సందుల్లోంచి గాలి కోతపెట్టేది. అందుకని ఆడవాళ్లు చిరిగిన బట్టలు, గోతాల గుడ్డలు ముక్కలుగా కోసి, అతికి, క్విల్టులు కుట్టేవారు. పేరు వేరు గాని అది మన బొంతే.

ఆ ఊళ్లో మిస్సోరీ పెట్‌వే అనే స్త్రీ భర్తను పోగొట్టుకుంది. 1942లో ఆమె భర్త పొలానికి తొడుక్కుని వెళ్లిన బట్టలన్నీ బయటికి తీసింది. మోకాళ్ల దగ్గర వెలిసిపోయిన ప్యాంట్లు, చెమటకు రంగు మారిన చొక్కాలు. కూతురు ఆర్లోంజియా సాయం పట్టగా వాటిని చింపి, ముక్కలు కలిపి, ఒక బొంత కుట్టింది. ఆయనను మరచిపోకుండా ఉండడానికి, ఆ ప్రేమను కప్పుకుని పడుకోవడానికి అమ్మ ఆ బొంత కుట్టుకుందని ఆ కూతురు తర్వాతి కాలంలో చెప్పింది. గీస్ బెండ్ బొంతలను 2002లో హ్యూస్టన్ నగరంలోని లలితకళల మ్యూజియం ప్రదర్శనకు పెట్టింది. 2006లో అమెరికా తపాలా శాఖ వాటి బొమ్మలతో స్టాంపులు వేసింది. కాని మిస్సోరీ బొంత పుట్టింది మ్యూజియం గోడ కోసం కాదు, ఒక ఇల్లాలి దుఃఖం కోసం.

ఆ ఊరి ఆడవాళ్ల పద్ధతిలో మనం గమనించవలసిన సంగతి ఒకటుంది. ముక్కలు అతికే పని ఎవరింట్లో వాళ్లు ఒంటరిగా చేసుకుంటారు. పైపొర, మధ్యలో దూది, కింది అస్తరు, ఈ మూడింటినీ కలిపి కుట్టే పనికి మాత్రం స్నేహితురాళ్లంతా ఒకచోట చేరతారు. బొంతను చట్రానికి బిగించి, చుట్టూ కూర్చుని, పాటలు పాడుకుంటూ, ప్రార్థించుకుంటూ కుడతారు. దుఃఖం ఎవరిది వాళ్లదే అయినా దాన్ని కప్పుకునే బొంతలో నలుగురి కుట్లూ ఉంటాయి.

ఇది కొత్త సంగతి కాదు. యొప్పే పట్టణంలో తబితా అనే శిష్యురాలుండేది. దొర్కా అన్నది ఆమెకు మరో పేరు. ఆమె చనిపోతే పేతురును పిలిపించారు. ఆయన మేడగదిలోకి వెళ్లేసరికి విధవరాండ్రందరూ ఏడుస్తూ ఆయన చుట్టూ నిలబడి, ఆమె తమతో ఉన్నప్పుడు కుట్టిన అంగీలనూ వస్త్రాలనూ చూపించారు (అపొ.కా. 9:39). దొర్కా ప్రసంగాలు చేసినట్టు లేఖనంలో లేదు. ఆమె పరిచర్య అంతా ఆ స్త్రీల చేతుల్లోని బట్టల్లోనే ఉంది. ప్రతి కుట్టూ ఆమె తరఫున సాక్ష్యం చెప్పింది. ప్రార్థించి ఆమెను లేపిన పేతురు, పరిశుద్ధులతో పాటు ప్రత్యేకంగా ఆ విధవరాండ్రను పిలిచి ఆమెను సజీవురాలిగా వారికి అప్పగించాడు. భర్తలను కోల్పోయిన వారికి తమ కుట్టుపని నేస్తాన్ని ప్రభువు తిరిగి ఇచ్చాడన్నమాట!

దొర్కా సూది ఆనాటితో ఆగిపోలేదు. 1842లో ఫాదర్ హయ్యర్‌ను మన గుంటూరుకు పంపిన అమెరికా లూథరన్ సంఘాలను తీసుకోండి. రెండో ప్రపంచ యుద్ధంలో ఐరోపాలో లక్షలాది మంది ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్నారు. వారికి సాయం అందించడానికి ఆ సంఘాలవారు 1945లో లూథరన్ వరల్డ్ రిలీఫ్ అనే సంస్థను స్థాపించారు. నాటి నుంచి నేటి వరకు ఆ సంఘాల స్త్రీలు బొంతలు కుట్టి ఆ సంస్థ ద్వారా పంపుతూనే ఉన్నారు. వారిలో ఎక్కువమంది పెద్ద వయసువాళ్లు. వారంలో ఒక పూట గుడి కింది గదిలో చేరతారు. ఒకామె పాత దుప్పట్లనూ కర్టెన్లనూ చదరాలుగా కోస్తుంది. ఒకామె మిషను మీద వాటిని కలుపుతుంది. చూపు సరిగా ఆననివాళ్లు మూడు పొరలూ విడిపోకుండా అక్కడక్కడా దారంతో ముడులు వేస్తారు. చేతనైనది చేయడమే అక్కడ అర్హత. బొంత 60 అంగుళాల వెడల్పు, 80 అంగుళాల పొడవు ఉంటుంది. పంపే ముందు ఆదివారం వాటిని గుడి బల్లల మీద పరచి సంఘమంతా ప్రార్థిస్తుంది. సిరియా యుద్ధం వల్ల ఊళ్లు విడిచిన కుటుంబాలకు కూడా ఇలాంటి బొంతలు చేరాయి. దిక్కులేని చోట అదే దుప్పటి, అదే చాప, అదే పరదా, అదే మూట కట్టుకునే గుడ్డ. కుట్టినామెకు కప్పుకునేవారి పేరు తెలియదు. కప్పుకునేవారికి కుట్టినామె ముఖం తెలియదు. ఇద్దరికీ తెలిసిన దేవుడొక్కడే మధ్యలో ఉన్నాడు.

డిసెంబరు వస్తే ఇలాంటి బృందాల్లో కుట్టుపని పూటే చిన్న క్రిస్మస్ అవుతుంది. ఎవరింట్లో వండింది వాళ్లు పట్టుకొస్తారు. ఏడాది పొడవునా మిగిలిన పీలికలతో కుట్టిన నక్షత్రాలు, గంటలు, దేవదూతలు ఒకరికొకరు ఇచ్చుకుంటారు. అవే ఇంటి చెట్టుకు అలంకారం. ఏ నక్షత్రంలో ఎవరి దుప్పటి ముక్క ఉందో వాళ్లకు గుర్తే. ఆ ఏడు చనిపోయిన నేస్తం కోసిపెట్టి వెళ్లిన ముక్క కూడా అందులో ఉంటే, ఆమె కుర్చీ ఖాళీగా ఉన్నా ఆమె పని చెట్టు మీద వేలాడుతూనే ఉంటుంది.

చేత్తో చేసిన క్రిస్మస్ అలంకారాల వెనుక ఇలాంటి ఎడబాటు కథలు చాలానే ఉన్నాయి. జర్మనీలో మొరేవియన్ సహోదరుల సంఘంవారి పాఠశాలలుండేవి. తల్లిదండ్రులు దూరదేశాల్లో మిషనరీలుగా ఉండగా పిల్లలు వాటి హాస్టళ్లలో పెరిగేవారు. 1830ల్లో నీస్కీ అనే ఊరి పాఠశాలలో రేఖాగణితం నేర్పడానికి కాగితంతో నక్షత్రం చేయించారు. చదరపు అడుగు ఉన్న మొనలు 17, త్రిభుజపు అడుగు ఉన్నవి 8. క్రమేణా ఆగమన కాలపు మొదటి ఆదివారాన ఆ నక్షత్రాన్ని కూర్చి వెలిగించడం ఆ సంఘాల్లో ఆచారమైంది. హెర్న్‌హుట్ నక్షత్రం పేరుతో దాన్ని ఇప్పటికీ చేత్తోనే తయారు చేస్తున్నారు. అమ్మానాన్నలు దగ్గర లేని పిల్లలు కలిసి కూర్చుని అతికిన కాగితాల్లోంచి వచ్చిన వెలుగు అది!

మరి మొదటి క్రిస్మస్ సంగతేమిటి? గొల్లలకు దూత ఇచ్చిన ఆనవాలును మనం తొందరగా చదివి దాటేస్తాం. పొత్తిగుడ్డలతో చుట్టబడి తొట్టిలో పండుకొని ఉన్న శిశువే ఆ ఆనవాలు (లూకా 2:12). జ్ఞానులకు నక్షత్రం గుర్తయితే గొల్లలకు గుడ్డ గుర్తు! మన ఇళ్లలో పుట్టిన బిడ్డను కొత్త బట్టలో చుట్టరు. అమ్మమ్మ కట్టి కట్టి, ఉతికి ఉతికి మెత్తబడిన నూలు చీర ముక్కలోనే చుడతారు. కొత్త బట్ట గరుకు, పసివాడి ఒళ్లు ఓర్చుకోలేదు. బాగా నలిగిన బట్టకే ఆ మెత్తదనం వస్తుంది. బాగా నలిగిన మనుషులకూ అంతే. దుఃఖం ఎరిగిన చెయ్యి మరో దుఃఖాన్ని మెత్తగా తాకుతుంది. పసివాడైన యేసును ఆలయానికి తెచ్చినప్పుడు దేవుణ్ణి స్తుతించి, ఆయనను గూర్చి అందరికీ చెప్పిన అన్న ప్రవక్త్రి కూడా ఏడేళ్ల కాపురం తర్వాత భర్తను పోగొట్టుకున్న స్త్రీయే (లూకా 2:36–38). క్రిస్మస్ కథలో ఆమెకు చోటుంది. మన క్రిస్మస్‌లో అలాంటివారికి చోటు లేకపోవడమే విచారకరం.

ఒకప్పుడు మన ఊళ్లలోనూ క్రిస్మస్ చేతిపనే. యవ్వనస్తులు వెదురు బద్దలు చీల్చి, దారంతో కట్టి, మైదాపిండి ఉడికించిన జిగురుతో రంగు కాగితాలు అతికి నక్షత్రం చేసేవారు. సముద్రతీరపు ఊళ్లలో సరుగుడు కొమ్మే క్రిస్మస్ చెట్టు. రంగు కాగితాలు కత్తిరించి తోరణాలు కట్టడానికి గుడిలో పిల్లలూ పెద్దలూ రాత్రిళ్లు కూర్చునేవారు. ఇప్పుడు అన్నీ దుకాణంలో దొరుకుతున్నాయి. కొనడం తప్పేమీ కాదు. కాని కొన్న నక్షత్రానికి నలుగురు కలిసి కూర్చోనక్కర్లేదు. అసలు నష్టం అక్కడే ఉంది. ఆ రాత్రుల్లో చేతులు పని చేస్తుంటే మనసులు విప్పుకునేవి. ఎదురుగా కూర్చుని అడిగితే చెప్పలేని బాధను, తలవంచుకుని సూదిలో దారం ఎక్కిస్తూ చెప్పగలం.

ఈ డిసెంబరులో మీ స్త్రీల సమాజం ఒక్క మధ్యాహ్నం బొంత కోసం కేటాయించి చూడండి. తలా ఒక పాత నూలు చీర తెచ్చుకుంటే చాలు. పొరలుగా పరచి, చుట్టూ కూర్చుని, వరసగా కుట్లు వేసుకుంటూ పోతే పండుగ నాటికి ఒకటో రెండో బొంతలు తయారవుతాయి. రోగికి తోడుగా వచ్చి ఆసుపత్రి వరండాలో నేల మీద పడుకునే తల్లికో, బస్టాండులో ముడుచుకుని పడుకునే ముసలాయనకో అది క్రిస్మస్ రాత్రి చేరుతుంది. మిగిలిన పీలికలు పిల్లలకిస్తే గుడికి నక్షత్రాలవుతాయి.

అయితే మొదటి కుట్టు వేసే ముందు ఆ వెలగని ఇంటి తలుపు తట్టండి. ‘‘పండుగ చేసుకో వదినా’’ అనకండి. ఆ మాట ఆమెను ఇంకా నొప్పిస్తుంది. ‘‘రేపు మధ్యాహ్నం గుడిలో బొంత కుడుతున్నాం వదినా. అన్నయ్యగారి పంచె ఏదైనా ఉంటే పట్టుకురా. మధ్యలో వేసి కుడదాం’’ అనండి. ఆమె వెంటనే జవాబు చెప్పకపోవచ్చు. పెట్టె తెరిచి, ఆ పంచెను ముఖానికి ఆనించుకుని ఏడవవచ్చు కూడా. ఏడ్చేవారితో ఏడవమని పౌలు రాసిన మాట (రోమా 12:15) అప్పుడు మీ వంతవుతుంది.

ఆమె వస్తే ఆమెను చివర కూర్చోబెట్టకండి. మధ్యలో కూర్చోబెట్టి చేతికి సూది ఇవ్వండి.