అజ్ఞాత సంగీతము

నాగరుకర్నూలు జిల్లాలో, నల్లమల యడవుల యంచున, లింగాల మండలము కలదు. ఆ మండలమందలి అవుసలికుంట యను గ్రామము పేరు నేడు దేశమంతట వినబడినది. అందులకు కారణము కోట కాదు, దేవాలయము కాదు. పండ్రెండు మెట్ల కిన్నెర. హైదరాబాదు నగరమున మఱియొక సంగీతము కలదు. విద్యుద్బలముతో గర్జించు గిటారులు, రెండు కాళ్లతోను ఎడతెగక మ్రోయింపబడు భేరులు, క్రూరమృగపు గొంతువలె వినవచ్చు పాట దాని లక్షణములు. ఆంగ్లమున దానిని ‘ఎక్‌స్ట్రీమ్ మెటల్’ అందురు. మనము అతితీవ్ర లోహసంగీత మనవచ్చును. కిన్నెరను ‘యాచకుల వాద్య’ మని గ్రామములలోని పెద్దలును, లోహసంగీతమును ‘పిచ్చివాండ్ర గోల’ యని పట్టణములలోని పెద్దలును త్రోసిపుచ్చుచున్నారు. ఈ రెండు తీర్పులును ఒకే యనాదరమునుండి పుట్టినవని మా యభిప్రాయము. ఆ యనాదరమువలన మనకు గలుగుచున్న నష్టమును పాఠకుల యెదుట నుంచుటకే యీ వ్యాసము.

ముందుగా లోహసంగీత మన నేమో విచారింతము. ఇది ధనవంతుల మేడలలో పుట్టినది కాదు. ఇంగ్లండులోని బర్మింగ్‌హాము కర్మాగారముల పట్టణము. అచట టోనీ ఐయోమీ యను యువకుడు రేకుల కర్మాగారములో పనిచేయుచుండగా యంత్రమున బడి కుడిచేతి రెండు వ్రేళ్ల కొనలు తెగిపోయినవి. అతడు ఎడమచేతివాటము గలవాడు. గిటారు తీగలను నొక్కవలసినది ఆ కుడిచేయియే. అయినను వాద్యమును విడువక, ప్లాస్టిక్ సీసాను కరగించి వ్రేళ్లకు తొడుగులు చేసికొనెను. 1970లో అతని ‘బ్లాక్ సబ్బాత్’ దళము వెలువరించిన మొదటి రికార్డును లోహసంగీతమునకు ఆరంభముగా నెంచుదురు. పిమ్మట అతడు తీగల బిగువును సడలించి శ్రుతిని దించగా నాదము మఱింత బరువెక్కినది. ఒక కూలివాని గాయము ఒక సంగీతశాఖకు శ్రుతియైన దన్నమాట.

1980 దశకమున ఈ శాఖనుండి మఱికొన్ని కొమ్మలు చీలినవి. వేగము హెచ్చినది; శ్రుతి యింకను దిగినది; గాయకుడు స్వరతంతువులకు మీదనున్న మడతలను కంపింపజేసి గర్జించుట నేర్చెను. ఇది వట్టి యరపు కాదు. సాధన లేక చేయబూనినవాని గొంతు కొలదిదినములలో చెడిపోవును. ‘డెత్ మెటల్’, ‘బ్లాక్ మెటల్’ అను పేరులు వినగానే మన గృహస్థులు భయపడుట సహజమే. నార్వేలో 1992లో ఈ గాయకలోకమునకు చెందిన కొందరు పురాతనమైన చర్చీలకు నిప్పుపెట్టిన మాట వాస్తవము. అది నేరము, ఖండనీయము. కాని కొందరి నేరమునకు ఒక సంగీతము నంతటిని శిక్షించుట న్యాయము కాదు. అట్లు శిక్షింపదలచినచో లోకమున నే కళయు మిగులదు.

మన దేశమున నిది యెట్లు వేళ్లూనెను? మొదట కాసెట్టులు వచ్చినవి. విదేశములనుండి యొకరు తెచ్చిన కాసెట్టును పదుగురు నకలు చేసికొని, ఆ నకళ్లకు మఱల నకళ్లు తీసికొనిరి. 1993లో అలహాబాదునుండి అమిత్ సైగల్ ‘రాక్ స్ట్రీట్ జర్నల్’ అను పత్రికను ప్రారంభించి, చెల్లాచెదరుగా నున్న ఈ యువకులకు ఒకరి వార్త నొకరికి చేర్చెను. 1998లో బెంగుళూరున ‘క్రిప్టాస్’ దళము, 2000లో బొంబాయిలో సాహిల్ మఖీజా నాయకత్వమున ‘డెమోనిక్ రెసరెక్షన్’ దళము పుట్టినవి. 2007 మార్చిలో ఇంగ్లండు దేశపు ‘ఐరన్ మెయిడెన్’ దళము బెంగుళూరికి వచ్చినపుడు దేశపు నలుమూలలనుండి వేలమంది యువకులు రైళ్లెక్కి పోయిరి. 2012నుండి ఆ నగరమున ‘బెంగుళూరు ఓపెన్ ఎయిర్’ అను ఉత్సవము వెలసినది.

దీనిని ‘అండర్‌గ్రౌండ్’ సంగీత మనుట కర్థ మేమి? 1942 పోరాట కథను విన్నవారికి ఆ మాట క్రొత్తది కాదు. అజ్ఞాతమున నుండి పనిచేయుట యని యెఱుగుదురు. ఇచట పోలీసుల భయము లేదు. ఆదరణ లేకుండుటయే యజ్ఞాతమునకు హేతువు. రేడియో వీరి పాటను వినిపింపదు, చలనచిత్రములకు వీరితో పని లేదు, పెండ్లిండ్లకు పిలువరు. కావున వీరిలో పలువురు పగలు ఉద్యోగములు చేసి, ఆ జీతమునుండి వాద్యములు కొని, తమ రికార్డులను తామే అచ్చొత్తించి, తామే అమ్ముకొందురు. మఖీజా తనవంటివారి కొఱకు ఒక రికార్డుల సంస్థనే నెలకొల్పెను. వినువారు కొలదిమందియే. కాని ఆ కొలదిమంది టికెట్టు కొని వత్తురు, రికార్డు కొని పోవుదురు. పాడినవానిని పేరు పెట్టి పలుకరింతురు. స్వావలంబన మని మన నాయకులు వేదికలపై బోధించినదానిని ఈ యువకులు ఆర్భాటము లేకుండ ఆచరించుచున్నారు.

మన తెలుగునాటను ఈ కృషి లేకపోలేదు. హైదరాబాదునకు చెందిన ‘గాడ్‌లెస్’ దళము 2016లో ‘సెంచురీస్ ఆఫ్ డెకడెన్స్’, 2018లో ‘స్వార్మ్’, 2021లో ‘స్టేట్స్ ఆఫ్ కేయాస్’ అను రికార్డులను వెలువరించి, డెత్ మెటల్ నెఱిగిన దేశాంతరవాసుల దృష్టిని సైతము ఆకర్షించినది. పేరును చూచి, దేవుడు లేడనువారి పాటలు మన కేల యని కొందరడుగవచ్చును. చార్వాకుని మతమును దర్శనములలో చేర్చి చదివిన దేశము మనది. గుడిలోని ఱాతిని, దానిని కొలుచువానిని కలిపి నిలదీసిన వేమన పద్యములను పిల్లలకు నేర్పు భాష మనది. ఒక పేరునకు బెదరుట మనకు తగదు.

రెండవ యాక్షేపణ మొకటి కలదు. ఇది పరదేశ వాద్యము, పరదేశ పద్ధతి; స్వదేశాభిమానులకు గ్రాహ్యము కాదందురు. ఫిడేలు మాత్ర మెచటిది? పాశ్చాత్యుల చేతినుండి బాలుస్వామి దీక్షితులు దానిని గ్రహించెను; మన ద్వారం వేంకటస్వామినాయుడుగారి చేతిలో నది తెలుగువారి సొత్తైనది. పాలకొల్లున బుట్టిన శ్రీనివాస్ విద్యుత్తుతో బలుకు మాండొలినుపై కర్ణాటక రాగములను పలికించినపుడు, ఇది మన వాద్యము కాదని యడ్డుకొన్నవారు చివరకు చప్పట్లు కొట్టిరి. కఱ్ఱకును తీగకును దేశము లేదు. దానిని మీటు చేతికి కలదు.

ఇక కర్కశత్వమును గూర్చి. భరతుడు నాట్యశాస్త్రమున నెనిమిది రసములను చెప్పెను. అందు శృంగారమును కరుణయు మాత్రమే లేవు. రౌద్రము, భయానకము, బీభత్సము కూడ కలవు. నరసింహావతారము పాడవలసివచ్చినపుడు వీణ మెల్లగా మ్రోగిన చాలునా? మన పండితులు శాస్త్రమున రౌద్రమునకు చోటిచ్చి సభలో దానికి తలుపు మూసిరి. ‘డెమోనిక్ రెసరెక్షన్’ వారు 2017లో దశావతారములనే యితివృత్తముగా గైకొని ఒక రికార్డు చేసిరి. సింగపూరున 1992లో పుట్టిన ‘రుద్ర’ యను దళము సంస్కృత శ్లోకములను, వేదాంత విషయములను డెత్ మెటల్‌లో నిమిడ్చి, తన మార్గమునకు వేదలోహ మను నర్థము వచ్చు పేరు పెట్టుకొన్నది. ఢిల్లీకి చెందిన ‘బ్లడీవుడ్’ దళము ఢోలును, మురళిని, హిందీ పంజాబీ పలుకులను చేర్చుకొని ఐరోపా ఉత్సవములలో మన్ననలందినది.

ఈ వరుసలో తెలుగు కనబడదు. మన యువకులు గర్జించుచున్నారు గాని, ఆంగ్లమున గర్జించుచున్నారు. ఇదియే మా నిజమైన యాక్షేపణ. సహాయనిరాకరణ దినములలో గరిమెళ్ల సత్యనారాయణగారిని ప్రభుత్వము పాట వ్రాసినందులకు చెఱలో బెట్టినది. ఆ పాట ఆంగ్లమున నున్నచో దొరలు నవ్వి యూరకుందురు. పొలములో కలుపుతీయు స్త్రీ నోటికి వచ్చు తెలుగున నుండుటచేతనే వారికి భయము పుట్టినది. కోపమును చెప్పదలచినవాడు తన చుట్టునున్నవారికి తెలియు భాషలో చెప్పవలెను. లేనిచో అజ్ఞాతము కొంత లోకమువలనను, కొంత తనవలనను కలుగును.

తెలుగున రౌద్రము పాడుటకు కథలు లేవా యన్నచో, మఱల లింగాలకు పోవలెను. పాలమూరు సీమలో పండుగ సాయన్న కథను కిన్నెరపై పాడుదురు. ఉన్నవానిని దోచి లేనివానికి బెట్టిన వీరుడని జనము అతనిని తలచుకొందురు. మియాసాబు కథయు నట్టిదే. భూస్వాములకును, అధికారులకును ప్రీతికరము కాని యీ కథలను గ్రంథములు దాచలేదు, కిన్నెర దాచినది. వెదురు బొంగు, ఎండిన సొరకాయ బుర్రలు, మైనము, తీగలు – ఇంతే దాని సామగ్రి. కర్మాగారపు కూలివాని ప్లాస్టిక్ తొడుగులకును ఈ సొరబుర్రలకును గల చుట్టఱికము పాఠకులకు తోపకపోదు. అట్లని ఇది నిన్న మొన్నటి వాద్యము కాదు. పదుమూడవ శతాబ్దమున శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరమున కిన్నరీవీణను వర్ణించెను. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున కిన్నర బ్రహ్మయ్య కథను చెప్పెను. శాస్త్రమునను, పురాణమునను చోటు దొరకిన వాద్యమునకు మన వాకిటిలో చోటు లేకపోయినది.

అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్యగారి వృత్తాంతము అందఱును ఎఱిగినదే. తండ్రినుండి వచ్చిన విద్యను ఏండ్ల తరబడి ఊరూర వినిపించినను లోకము తల యెత్తి చూడలేదు. 2021లో ఒక చలనచిత్ర గీతమునకు ముందుమాటవలె ఆయన గొంతు వినబడగనే, రాష్ట్రమంతయు ఆయనను కనుగొన్నట్లు సంబరపడినది. 2022లో కేంద్ర ప్రభుత్వము పద్మశ్రీ బిరుదము నొసగినది; రాష్ట్ర ప్రభుత్వము కోటి రూపాయలను, ఇంటి స్థలమును ప్రకటించినది. 2024లో ఆయన హైదరాబాదు చెంత కట్టడపు పనిలో దినకూలిగా నుండిన ఛాయాచిత్రములు పత్రికలలో వచ్చినవి. ప్రభుత్వములను నిందించి చేతులు కడుగుకొనుట సులభము. మే మడుగున దొకటియే: ఆ మూడేండ్లలో ఆయన పాటను తమ యూరికి పిలిపించుకొని విన్న గ్రామము లెన్ని? బిరుదము గోడకు వ్రేలాడును. కళను బ్రదికించునది వినువాడు.

పూర్వము కళ్లములో ధాన్యము కొలుచునపుడు పాడువానికి చాటెడు గింజలు పోయుట ఆచారముగ నుండెను. అది దయ కాదు, హక్కు. ఆ హక్కులో అవమానము కూడ కలిసియుండెను. పాటను విన్నవారే పాడినవానిని గడప దాటనీయలేదు. అవమానము పోవలసినదే. కాని మనము చేసిన దేమి? గింజలను మానితిమి, గడపను మాత్ర మట్లే నిలిపితిమి. భూవసతి గల మా పాఠకులు ఈ మాటకు కోపింపకుందురు గాక! లోహసంగీతపు యువకులకు నూఱుమంది శ్రోతలు చాలుచున్నారు. ఏలయన నా నూఱుగురును తమ జేబునుండి తీసి యిచ్చుచున్నారు. కిన్నెరకు కోట్లమంది మెచ్చుకోలు కలదు. టికెట్టు కొనువాడు లేడు. ఈ యువకులనుండి మనము నేర్వవలసినది ఇదియే. వారు కిన్నెరనుండి నేర్వవలసినది భాష.

గద్వాల సీమకు చెందిన సురవరం ప్రతాపరెడ్డిగారి దారి మనకు కలదు. తెలంగాణమున కవులు లేరని యొకరు వ్రాయగా ఆయన వాదమునకు దిగి యూరకుండలేదు. కవులను వెదకి, 1934లో మున్నూట యేబదినలుగురి కవితలతో ‘గోలకొండ కవుల సంచిక’ను వెలువరించిరి. లేరన్నవానికి లెక్కయే సమాధానము. లింగాల, అచ్చంపేట, కొల్లాపురము ప్రాంతములలో కిన్నెర పట్టగలవా రెందఱున్నారో, ఎవరి నోట నే కథ యున్నదో, వాద్యమును చేయ నేర్చినవా రెవరో లెక్కించు పనికి గ్రంథాలయములును పాఠశాలలును పూనవలెను. ప్రతి గ్రామమును జాతరకు వేయు తెరచిత్రపు ఖర్చులో సగమైన కిన్నెరకథకు కేటాయింపవలెను. పట్టణములందలి సభామందిరములవారు గిటారు పట్టిన యువకుని చూచి తలుపు మూయక, బాడుగ తీసికొని దీపము వెలిగింపవలెను.

ఒకనాడు హైదరాబాదు యువకు డొకడు లింగాలకు వచ్చి, కిన్నెరకారుని ప్రక్కన గూర్చుండి, సాయన్న కథను అతని నోట విని, తన గర్జనలో తెలుగున చెప్పునేని, ఏది పల్లెపాట, ఏది పరదేశపు పాట యను ప్రశ్న దానంతట నదియే పోవును. ఆ దినమున వినుటకు మనము సిద్ధముగ నుందుమా యనునదే మిగిలిన ప్రశ్న.