మూగబోయిన గిటారును పారవేయకుడి

మన పల్లె సంఘములలో హార్మోనియము, డోలకులతో పాటు గిటారు కూడ ఆరాధనలో చేరి చాలకాలమైనది. ఇప్పుడు కొనుచున్న చెక్క గిటారులలో అనేకము ప్రక్కచెక్కలో ఒక చిన్న పెట్టె అమర్చబడి వచ్చుచున్నవి. వైరు తగిలించి మైకుసెట్టుకు కలిపితే చాలును, వాయిద్యము వెనుక వరుసలో కూర్చున్నవారికి సైతము వినబడును. అయితే కొన్ని సంవత్సరములకు అది గరగరలాడి, చివరకు మూగబోవుట కద్దు. అప్పుడు యౌవనస్థులు క్రొత్తది కావలెనందురు. పెద్దలు డబ్బు ఎక్కడిదందురు. ఇంతలో సంఘములో మనస్పర్థలు!

ప్రియ చదువరులారా, మూగబోయినది గిటారు కాదు, దానిలోని పరికరము మాత్రమే. ఈ సంగతి మరువకూడదు.

ఆ పరికరము పనిచేయు విధము సులభమే. తీగలు ఆనియుండు తెల్లని పుల్లను సాడిల్ అందురు. దాని క్రింద సన్నని పట్టీ ఒకటి ఉండును. కొన్ని స్ఫటికములపై ఒత్తిడి కలిగినప్పుడు విద్యుత్తు పుట్టునని ఫ్రాన్సు దేశమందు క్యూరీ సోదరులు 1880లో కనుగొనిరి. ఈ పట్టీ, అనగా పికప్, ఆ సూత్రము చొప్పుననే తీగల కంపనమును విద్యుత్తుగా మార్చును. అది మిక్కిలి బలహీనమైనది గనుక ప్రక్కనున్న పెట్టె, అనగా ప్రీయాంప్, 9 వోల్టుల బ్యాటరీతో దానిని బలపరచి జాక్ ద్వారా బయటికి పంపును.

కాబట్టి మొదట పరీక్షించవలెను. క్రొత్త బ్యాటరీ వేసి చూడుడి. వేరొక వైరు తగిలించి చూడుడి. జాక్ నట్టు వదులైనదేమో, లోపలి తీగ ఊడినదేమో చూడుడి. ఒక్క తీగ మాత్రమే సన్నగా వినబడుచుండిన యెడల సాడిల్ అడుగు సమముగా లేదేమో చూడుడి. ఇవన్నియు సరిగా ఉన్నను పలుకనియెడల మార్చవలసినదే.

పికప్, ప్రీయాంప్ కలిసిన సెట్టు కొనుట మేలు. సామాన్యమైనవి కొన్ని వందల రూపాయలకే దొరుకును. కొనకముందు ప్రక్కచెక్కలోని రంధ్రము పొడవు, వెడల్పు, సాడిల్ గాడి వెడల్పు కొలిచి వ్రాసికొనుడి. క్రొత్త పెట్టె చిన్నదైతే చుట్టును చెక్క చట్రము వేయవచ్చును. పెద్దదైతే గిటారును కోయవలసి వచ్చును. తీగలు వదులుచేసి తీసిన తరువాత, లోపలి వైర్లను విప్పకముందే సెల్‌ఫోనుతో ఫోటో తీసికొనుడి. పాత పట్టీని తీసి క్రొత్తది గాడిలో చదునుగా పరువవలెను. అది మందముగా ఉండి తీగలు ఎత్తుగా లేచినయెడల సాడిల్ అడుగును గరుకు కాగితముపై సమముగా అరగదీయవలెను. వంకరగా అరిగినచో ఒక తీగ గట్టిగా, మరియొకటి మెల్లగా పలుకును. టంకము పెట్టు పని రేడియో మెకానిక్కునకు అప్పగించుట మంచిది.

మేము సేవ చేయుచున్న సంఘములో స్త్రీల సమాజమువారు పిడికెడు బియ్యపు కానుకతో గిటారు కొనిరి. అది మూగబోయినప్పుడు వాయించు కుఱ్ఱవాడే పాడుచేసెనని కొందరు అనిరి. కూలి చేసికొను తల్లిదండ్రుల బిడ్డ. ఆ మాట విని ముందు వరుసకు వచ్చుటయే మానివేసెను. పట్టణములోని దుకాణమువారు క్రొత్తది కొనుమనిరి. పెట్టె విప్పించి చూడగా, అతడు పనికై వలసపోయిన వేసవిలో బీరువాలో ఉన్న గిటారులో బ్యాటరీ కారి, లోపలి భాగములను తినివేసినదని తెలిసెను. తప్పు అతనిది కాదు. సంఘములోని వడ్రంగి చట్రము చేసి ఇచ్చెను, సెట్టు మార్చితిమి. ఆ మాటలన్న పెద్దలే అతని ఇంటికి వెళ్లి పిలుచుకొని వచ్చిరి. గిటారు బాగుపడుటకంటె అదియే మాకు ఎక్కువ సంతోషము.

రాజులు రెండవ గ్రంథము 12వ అధ్యాయములో యాజకుడైన యెహోయాదా పెట్టె మూతకు బెజ్జము చేసి బలిపీఠము ప్రక్కన ఉంచిన సంగతి చదువుదుము. అందులో పడిన ధనముతో వెండి పాత్రలు చేయింపలేదు. మందిరము బాగుచేయు పనివారికే ఇచ్చిరి. బాగుచేత ముందు, క్రొత్త వస్తువులు తరువాత. బీదల కానుకను ఖర్చుచేయు ప్రతి సంఘమునకు ఇది మంచి పాఠము.

ఇక జాగ్రత్తలు. చాల గిటారులలో వైరు తగిలించి ఉన్నంతసేపు బ్యాటరీ ఖర్చగుచుండును. ఆరాధన ముగియగానే వైరు తీయుడి. వారములకొలది వాడనప్పుడు బ్యాటరీని కూడ తీసివేయుడి. మైకుసెట్టుకు ఎర్తు సరిగా ఉన్నదో లేదో ఎలక్ట్రీషియనుచేత చూపించుడి. మైకు తాకినప్పుడు షాకు తగులు ప్రమాదమున్నది.

తేటగా వినబడని వాయిద్యము వలన ప్రయోజనము లేదని పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయములో బోధించెను. వాయిద్యము మూగబోయినప్పుడు విప్పి చూచి, కారణము తెలిసికొందుము. మన మధ్య ఒక బిడ్డ మూగబోయినప్పుడు కూడ నిందింపక ముందు అట్లే దగ్గరకు వెళ్లి తెలిసికొందుము. ప్రభువు మన సంఘములలోని ప్రతి స్వరమును తన స్తుతికై బాగుచేయును గాక. ఆమేన్.