పరాయి నగరమున కొంతకాలము
లండనుకు పోవు విద్యార్థులకును, వారిని పంపు పెద్దలకును

ఊరు కాని ఊరు, భాష కాని భాష అని మన పెద్దలు పరదేశవాసపు కష్టమును రెండు ముక్కలలో చెప్పిరి. ఆ రెండింటిలో భాషను నేటి విద్యార్థి కళాశాలలోనే కొంతవఱకు గడించుకొనుచున్నాడు. ఊరిని మాత్రము ఎవరును ముందుగా నేర్పరు. అందువలననే ఒకటి రెండు సంవత్సరములు చదువుకొనుటకు లండను నగరమునకు పోవు మన పిల్లలు, ఏ పరీక్షకును జంకనివారు సైతము, మొదటి నెలలో వీధికి జంకుదురు. ఇక్కడ తలిదండ్రులకు అంతకు రెట్టింపు దిగులు. ఈ భయమును పోగొట్టుటకు ధైర్యవచనములు చాలవు. ఆ నగరము నడచు తీరు తెలియవలెను. కారణము తెలిసిన భయము జాగ్రత్తగా మాఱును. తెలియని భయము మనుష్యుని గదిలో బంధించును. లేదా మొండిధైర్యముగ మాఱి ప్రమాదమున పడద్రోయును.

ఇది నిన్న మొన్న పుట్టిన సమస్య కాదు. 1888వ సంవత్సరమున మోహనదాసు కరంచంద గాంధి న్యాయశాస్త్ర విద్యకై లండను చేరునప్పటికి ఆయనకు పందొమ్మిదవ యేడు నిండవచ్చుచుండెను. ఏ దుస్తులు ధరింపవలెనో తెలియదు. శాకాహారము ఎచట దొరకునో తెలియదు. మొదట ఖరీదైన హోటలులో దిగి, పిదప ఒక కుటుంబమువారి యింట చేరి, తుదకు పనులకు నడచి పోదగిన చోట గది చూచుకొనెను. బండిఖర్చు మిగుల్చుకొనుటకు దినమునకు ఎనిమిది, పది మైళ్లు నడచుచుండెను. అట్లు తిరుగుచుండగనే ఫారింగ్డన్ వీధిలో శాకాహార భోజనశాల కంటబడెను. కొన్నియేండ్ల తరువాత, తనవలె వచ్చు భారతీయ విద్యార్థుల కొఱకు ఖర్చులు, దుస్తులు, ఆహారము మొదలగు విషయములతో లండనుకు ఒక మార్గదర్శిని ఆయన వ్రాసెను. అది చాలకాలము వ్రాతప్రతిగనే యుండి, తరువాత ఆయన రచనల సంపుటములలో చేరినది. బస, భోజనము, ప్రయాణము అను మూడింటిని వేర్వేరుగ గాక ఒక్కటిగ చూచుకొన్నవాడే పరాయి నగరమున నిలదొక్కుకొనునని ఆ జీవితఘట్టము మనకు తెలుపుచున్నది.

పటము చెప్పు సత్యము, చెప్పని సత్యము

లండనులో మొదట నేర్వవలసినది భూగర్భ రైలు. 1863 జనవరి 10వ తేదీన పాడింగ్టన్, ఫారింగ్డన్ స్టేషనుల మధ్య ప్రజలకు తెఱవబడిన ఈ మార్గము ప్రపంచమునందే మొదటిది. నేడు పదునొకండు మార్గములు, 272 స్టేషనులు కలవు. ఇంత చిక్కుముడిని ఒక చిన్న కాగితముపై తేటపఱచినవాడు హ్యారీ బెక్ అను చిత్తుపటముల పనివాడు. ఆయన 1931లో గీచిన పటము 1933లో ప్రజలకు అందినది. మార్గములన్నియు నిలువు, అడ్డము, ఏటవాలు గీతలుగ నుండును. స్టేషనులు ఇంచుమించు సమదూరమున నుండును. ఏ రైలెక్కి ఎచట మాఱవలెనో తెలియుటకు ఇంతకంటె మంచి సాధనము లేదు. కాని నేలమీది దూరములు అందు కానరావు. లెస్టర్ స్క్వేర్, కోవెంట్ గార్డెన్ స్టేషనుల నడుమ దూరము పావు కిలోమీటరు చిల్లర మాత్రమే. పటమును మాత్రమే నమ్మిన కొత్తవాడు ఈ దూరమునకు కూడ లోతునకు దిగి, రైలుకై నిలిచి, మరల పైకి వచ్చును. వీధిపటమును కూడ ప్రక్కన నుంచుకొన్నవాడు నాలుగైదు నిమిషములలో నడచి పోవును.

మఱియొక సంగతి: అచటి ప్లాట్‌ఫారములపై చివరి స్టేషను పేరుకంటె ముందు దిక్కు పేరు కనబడును. ఉత్తరమునకు పోవు రైళ్లు, దక్షిణమునకు పోవు రైళ్లు అని వ్రాసియుందురు. కావున తాను పోవుచోటు ఏ దిక్కున నున్నదో ఇల్లు కదలకమునుపే తెలిసికొనవలెను. ఒకే మార్గము నడుమ రెండు శాఖలుగ చీలుటయు కలదు. నార్దర్న్ మార్గము నగరమధ్యమున బ్యాంక్ మీదుగ నొకటి, చేరింగ్ క్రాస్ మీదుగ నొకటి పోవును. మార్గము పేరు చూచిన చాలదు. రైలు నొసట వ్రాసిన ఊరిపేరును చదివి యెక్కవలెను. మెట్లు తమంతట కదలుచోట కుడివైపున నిలిచి, ఎడమవైపు త్వరపడువారికి విడుచుట అచటి మర్యాద.

ఛార్జీ తెలిసిన రక్షణ తెలిసినట్లే

ప్రయాణపు ఖర్చుకును రక్షణకును సంబంధమేమని అడుగవచ్చును. డబ్బు లెక్క తెలియని విద్యార్థి రాత్రి పదునొకండు గంటలకు బస్సు మాని, నిర్మానుష్యమైన వీధుల వెంట నడచును. లెక్క తెలిసినవానికి ఆ అవసరము రాదు.

2003లో ప్రవేశపెట్టిన ఆయిస్టర్ కార్డుగాని, 2014 నుండి భూగర్భ రైలులో చెల్లుచున్న తాకుడు బ్యాంకు కార్డుగాని చేతనుండవలెను. 2014 జులై నుండి లండను బస్సులలో నగదు తీసికొనుట లేదు. రైలుకు ఎక్కునప్పుడును దిగిన పిదపను పసుపుపచ్చని యంత్రమునకు కార్డు తాకింపవలెను. బస్సునకు ఎక్కునప్పుడు మాత్రమే. దిగునప్పుడు మఱచినచో రైలువారు హెచ్చు ఛార్జీ పట్టుకొందురు. దినమున కింత అను పరిమితి కలదు; అది దాటిన తరువాత ఎంత తిరిగినను అదనముగ తీసికొనరు. కాని ఈ లెక్క కుదురవలెనన్న దినమంతయు ఒకే కార్డును వాడవలెను. ఒకసారి కార్డు, ఒకసారి అదే కార్డునుంచిన చరవాణి తాకించినచో ఆ యంత్రము ఇద్దఱు ప్రయాణికులని యెంచును. బస్సులో మొదటిసారి కార్డు తాకించినది మొదలు ఒక గంటలోపల ఎన్ని బస్సులు మాఱినను ఒకే ఛార్జీ. పనిదినములలో ఉదయము ఆఱున్నర మొదలు తొమ్మిదిన్నర వఱకును, సాయంకాలము నాలుగు మొదలు ఏడు వఱకును రైలు ఛార్జీ హెచ్చు. పదునెనిమిదేండ్లు నిండిన విద్యార్థులకు, వారి కళాశాల ఆ పథకమున చేరియున్నచో, వారపు, నెలసరి టిక్కెట్లపై నూటికి ముప్పది తగ్గింపు గల ఫొటోకార్డు కూడ దొరకును.

పొద్దు గూకిన పిమ్మట

పొద్దు గూకకమునుపే ఇల్లు చేరుమని మన తల్లులు చెప్పి పంపుదురు. ఆ మాట ఇచట సరియే, లండనులో సాగదు. డిసెంబరు నెలలో అచట సాయంకాలము నాలుగు కొట్టకమునుపే సూర్యుడస్తమించును. జూనులో రాత్రి తొమ్మిది దాటిన తరువాత గాని అస్తమింపడు. తరగతి ముగియునప్పటికే చీకటి పడుచోట సూర్యుని నమ్ముకొని లాభము లేదు, దారిని నమ్ముకొనవలెను. దీపములు గలిగి జనసంచారముండు వీధి చుట్టుదారియైనను అదియే దగ్గఱదారి. తోటలగుండ, కాలువగట్టులమీదుగ పోవు అడ్డదారులను పగటికి విడువవలెను.

శుక్ర, శనివారముల రాత్రులు ఐదు భూగర్భ మార్గములలో రైళ్లు తెల్లవార్లు నడచును; తక్కిన రాత్రులలో అర్ధరాత్రి దాటిన కొంతసేపటికి ఆగిపోవును. అప్పుడు ఎన్ అను అక్షరముతో మొదలగు రాత్రి బస్సులును, ఇరువదినాలుగు గంటలు నడచు మఱికొన్ని బస్సులును కలవు. రాత్రివేళ మేడమీద గాక క్రింది అంతస్తున డ్రైవరు దగ్గఱ కూర్చుండుట మేలు.

టాక్సీలు రెండు రకములు. నల్ల టాక్సీని వీధిలో చేయెత్తి ఆపవచ్చును. నెత్తిన దీపము వెలుగుచున్నచో ఖాళీగ నున్నదని అర్థము. ఆ డ్రైవర్లు చేరింగ్ క్రాసునకు ఆఱు మైళ్లలోపలనున్న వేలాది వీధులను కంఠస్థము చేసి పరీక్ష నిచ్చినవారు. ఈ పరీక్ష 1865 నుండి యున్నది. రెండవ రకము అద్దెకార్లు. వీనిని ముందుగ కుదుర్చుకొనియే యెక్కవలెను. ముందు కుదుర్చుకొనక వీధిలో పిలిచి ఎక్కించుకొనుట చట్టవిరుద్ధము. అట్టి ప్రయాణమునకు బీమా కూడ వర్తింపదు. విమానాశ్రయమున దగ్గఱకు వచ్చి, టాక్సీ కావలెనా అని చెవిలో అడుగువానికి వలదని చెప్పి ముందుకు సాగవలెను.

వీధిలో చరవాణిని లాగుకొని విద్యుత్ సైకిళ్లపై పాఱిపోవు దొంగలు కలరు. కాలిబాట అంచున నిలిచి పటము చూచుట వారికి పిలుపువంటిది. దుకాణములోనికి పోయియో, గోడకు వీపు చేర్చియో చూచుకొనవలెను. పాస్‌పోర్టును ఇంట భద్రపఱచి నకలును వెంట నుంచుకొనిన చాలును.

ఇంటిలోని ప్రమాదములు

వీధికంటె ఇంటినుండియే మన విద్యార్థులకు ఎక్కువ నష్టము కలుగుచున్నదన్న ఆశ్చర్యము కలుగవచ్చును. ఇచటనుండగనే బొమ్మలు చూచి, గది కుదిరినదని సంతసించి, ఎవరో తెలియనివానికి బయానా పంపి, అచటికి పోయి చూడగ ఆ చిరునామాలో వేఱొకరు కాపురముండుట జరుగుచున్నది. మొదటి కొన్నిదినములకు కళాశాలవారి వసతిలోనో, నమ్మదగిన హోటలులోనో దిగి, గదిని కన్నులార చూచిన పిమ్మటనే ధనమీయవలెను. ఇంగ్లండునందు యజమాని వేఱుగ నివసించు సాధారణపు అద్దె యిండ్లకు, సంవత్సరపు అద్దె యేబదివేల పౌనులకు తక్కువైనచో, ధరావతు ఐదు వారముల అద్దెకు మించరాదని 2019 నాటి చట్టము. ఆ సొమ్మును ముప్పది దినములలోపల ప్రభుత్వమంగీకరించిన రక్షణ పథకమున చేర్చి, ఆ సంగతి అద్దెదారునకు తెలుపవలెను. రసీదు అడుగుట అమర్యాద కాదు.

మన తాలింపు పొగకు ఇంటి కప్పుననున్న పొగగంట మ్రోగును. ఆ గోల పడలేక కొందఱు దానికి గుడ్డ చుట్టుదురు, లేదా బ్యాటరీ తీసివేయుదురు. అది నిద్రలోనున్న పదిమంది ప్రాణములతో చెలగాటము. వంటగది తలుపు మూసి కిటికీ తెఱచి తాలింపు వేసికొనిన చాలును. గ్యాసు పొయ్యి, నీళ్ల బాయిలరు సరిగ మండనిచో పుట్టు కార్బన్ మోనాక్సైడునకు వాసన లేదు, రంగు లేదు. ఏటేట గ్యాసు పరికరములను పరీక్ష చేయించి ఆ పత్రమును చూపుట యజమాని విధి.

అన్నిటికంటె ఘోరమైన ప్రమాదము స్నేహరూపమున వచ్చును. నీ బ్యాంకు ఖాతాలో కొంత సొమ్ము వేసెదను, నూటికి పది నీవుంచుకొని తక్కినది ఫలానావానికి పంపుమని ఒకడు అడుగును. పాపము, చేతిలో డబ్బు లేని పిల్లవాడు ఇందులో తప్పేమని అనుకొనును. అది దొంగసొమ్ము కడుగు పని. అచటి చట్టమున అట్టి నేరమునకు పదునాలుగేండ్ల వఱకు శిక్ష పడవచ్చును. ఖాతా మూతపడును, వీసా పోవును, చదువు పోవును. అట్లే వీసాలో దోషమున్నది, తక్షణము డబ్బు పంపనిచో నిర్బంధింతుమని ప్రభుత్వాధికారివలె మాటలాడు ఫోను దొంగల పిలుపు. అట్టి పిలుపును వెంటనే తెగగొట్టి కళాశాలలోని విదేశవిద్యార్థుల కార్యాలయమున విచారింపవలెను.

అడుగుటయే రక్షణ

ప్రాణాపాయము, అగ్నిప్రమాదము, నేరము కంటబడినప్పుడు 999. 1937లో లండనులో మొదలైన ఈ సంఖ్యకు ఛార్జీ లేదు. పెదవి కదపుటకు వీలులేని స్థితిలో చరవాణినుండి పిలిచి, వారడిగినప్పుడు 55 నొక్కినచో పిలుపు పోలీసులకు చేరును. తక్షణాపాయము లేని నేరమునకు 101. అపాయకరము గాని జబ్బునకు 111. రైలులో వేధింపు జరిగినప్పుడు రైల్వే పోలీసులకు 61016 సంఖ్యకు సందేశము వ్రాయవచ్చును. వీసాతోబాటే ఆరోగ్యపు రుసుము చెల్లించి పోయిన విద్యార్థి, జబ్బు చేయకమునుపే దగ్గఱి వైద్యునివద్ద పేరు నమోదు చేసికొనవలెను. జ్వరముతో మూడుదినములు గదిలో పడియుండి, ఖర్చగునేమోయని వైద్యుని చూడనివాని కథలు మనకు వలదు.

నోరు మంచిదైన ఊరు మంచిదగును. లండనులో అడిగినవానికి దారి చెప్పువారు కొదువ లేదు; అడుగుటకు సిగ్గుపడువారే మనలో కొదువ లేరు. ఉపాధ్యాయులు తరగతిలో దేశపటములతో బాటు ఒక నగరపటమును కూడ గోడకు తగిలించి, ఇచటినుండి అచటికి ఎట్లు పోవుదువని పిల్లల నడుగుట మంచిది. ఒక లెక్క నేనే యిచ్చుచున్నాను.

పాడింగ్టన్ నుండి కెన్సల్ గ్రీనుకు పోవలెను. బేకర్లూ మార్గము, ఉత్తరపు దిక్కు, ఐదవ స్టేషను. కాని కొన్ని రైళ్లు నాలుగవదగు క్వీన్స్ పార్కు వద్దనే ఆగిపోవును. కావున రైలు నొసటి పేరు చదువవలెను. ఈ ప్రయాణ మెందులకన, కెన్సల్ గ్రీను శ్మశానవాటికలో 1884లో లండనున కన్నుమూసిన చార్లెసు ఫిలిపు బ్రౌను సమాధి యున్నది. 1820వ సంవత్సరమున ఆయనయు కడపలో ఊరు కాని ఊరివాడే. పండితుల నడిగి, అడిగినది వ్రాసికొని, ఆ పరాయి భాషకు నిఘంటువు కట్టి పోయెను. లండను చేరిన మన విద్యార్థి మొదటి ఆదివారమున, పగటివేళ, దారి తానే చూచుకొని అచటికి పోయి రావలెను. ఆ సాయంకాలము తల్లికి ఫోను చేసి, పోయి వచ్చితిననుటకు బదులు ఏ దారిని పోయినదియు చెప్పగలిగినచో, ఆ తల్లి ఆ రాత్రి నిద్రపోవును.