ఒక్కరోజు పార్క్ ట్రిప్‌కు రూ.13 వేలు పైనే.. మార్కాపురం ఫ్యామిలీలు ఎందుకు ఆలోచనలో పడ్డాయి? టికెట్ ఒక్కటే కారణం కాదు!

వేసవి సెలవులు దగ్గర పడితే చాలు.. మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం వైపు ఇళ్లలో పిల్లల నుంచి ఒకటే ప్రశ్న. "ఈసారి వండర్‌లాకు తీసుకెళ్తారా, లేదా?" అని. ఇదివరకు "చూద్దాంలే" అంటే దాదాపు సరే అన్నట్టే. ఇప్పుడు ఆ మాటకు అర్థం మారింది. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీసి లెక్కేశాక, వచ్చే ఏడాదికి వాయిదా వేసే ఇళ్లు కనిపిస్తున్నాయి.

వీళ్లేమీ పార్కులంటే ఇష్టం లేనివాళ్లు కాదు. 1996లో రామోజీ ఫిల్మ్ సిటీ మొదలయ్యాక స్కూల్ టూర్ బస్సెక్కి వెళ్లొచ్చిన పిల్లలే ఇప్పుడు తల్లిదండ్రులయ్యారు. బాహుబలి సెట్ చూడ్డానికి మళ్లీ వెళ్లారు. 2016లో హైదరాబాద్ శివారు రావిర్యాలలో వండర్‌లా తెరుచుకున్నాక పిల్లల్ని తీసుకుని అక్కడికీ వెళ్లారు. అలాంటి పాత అభిమానులే ఇప్పుడు వెనకాడుతున్నారు. టికెట్ రేటు పెరిగిందనా? అది సగం సమాధానమే.

ఎత్తును బట్టి టికెట్.. వయసును బట్టి బస్సు

ఒక ఉదాహరణ తీసుకుందాం. మార్కాపురంలో నలుగురున్న కుటుంబం. అమ్మ, నాన్న, ఆరో తరగతి చదివే 11 ఏళ్ల పాప, ఒకటో తరగతి బాబు. ఆర్టీసీ బస్సులో 5 నుంచి 12 ఏళ్ల వాళ్లకు హాఫ్ టికెట్. కాబట్టి ఇద్దరు పిల్లలకూ హాఫ్ టికెట్ సరిపోతుంది.

పార్కులో అలా కాదు. వండర్‌లా వయసు చూడదు, ఎత్తు చూస్తుంది. 85 సెంటీమీటర్ల లోపు ఉంటే ఫ్రీ. 85 నుంచి 140 సెంటీమీటర్ల మధ్య ఉంటే చిన్నపిల్లల టికెట్. 140 దాటితే పెద్దల టికెట్టే. కాస్త పొడుగ్గా ఉన్న ఆరో తరగతి పాప బస్సులో సగం మనిషి, పార్క్ గేటు దగ్గర పూర్తి మనిషి అన్నమాట! పోయినేడాది చిన్న టికెట్‌తో వెళ్లిన పిల్ల ఈ ఏడాది రెండంగుళాలు పెరిగితే, పార్క్ రేటు పెంచకపోయినా ఆ ఇంటి ఖర్చు పెరిగినట్టే.

పెద్ద టికెట్ రూ.1,300, చిన్న టికెట్ రూ.1,000 అనుకుందాం. రోజును బట్టి ఇది మారుతుంది. సెలవులు, వీకెండ్స్‌లో ఎక్కువ, మామూలు రోజుల్లో తక్కువ. ముగ్గురికి పెద్ద టికెట్, బాబుకు చిన్న టికెట్.. మొత్తం రూ.4,900. మార్కాపురం నుంచి హైదరాబాద్ 250 కిలోమీటర్ల పైమాటే. బస్సుకు తలా రూ.550, పిల్లలకు అందులో సగం వేసుకున్నా రానుపోను రూ.3,300. లాడ్జిలో ఒక రాత్రికి రూ.1,800. బస్టాండ్ నుంచి ఊరి చివర ఉన్న పార్కుకు వెళ్లి రావడానికి ఆటో లేదా క్యాబ్ రూ.1,500. నలుగురి తిండికి రూ.1,500. నీళ్ల రైడ్స్ కోసం నైలాన్ డ్రెస్సులు, లాకర్ కలిపి రూ.600.

మొత్తం రూ.13,600. ఇందులో టికెట్ల వాటా మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ, అంతే. హైదరాబాద్‌లోనే ఉండే కుటుంబానికైతే బస్సు, రూమ్ ఖర్చు ఉండదు. అదే టికెట్‌కు, అవే రైడ్స్‌కు మార్కాపురం కుటుంబం ఐదు వేలకు పైగా అదనంగా పెడుతోంది.

రూ.13,600 అంటే ఈ ప్రాంతంలో చిన్న మొత్తం కాదు. 2025-26లో ఏపీలో ఉపాధి హామీ కూలి రోజుకు రూ.307. ఆ లెక్కన ఇది 44 రోజుల కూలి. కూలి పనులకు వెళ్లేవాళ్లు ఎలాగూ ఈ ట్రిప్ గురించి ఆలోచించరు అనుకుంటే పొరపాటే. పలకల ఫ్యాక్టరీలో పనిచేసే తండ్రి, చిన్న కిరాణా కొట్టు నడిపే తల్లి కూడా "పదో తరగతి పాసైతే తీసుకెళ్తా" అని మాటిచ్చేస్తారు. మార్కులు వచ్చాక ఆ మాట నిలబెట్టుకోవడానికి చీటీ పాట ఎత్తడమో, క్రెడిట్ కార్డు గీకడమో చేయాల్సి వస్తుంది. ఇబ్బందంతా ఇక్కడే.

ఫ్రీ బస్సు ఉందిగా?

ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. ఏపీలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో రాష్ట్రం లోపల తిరగొచ్చు. కానీ హైదరాబాద్ వెళ్లే అంతర్రాష్ట్ర సర్వీసులకు అది వర్తించదు. పోనీ హైదరాబాద్‌లో దిగాక సిటీ బస్సు ఫ్రీ కదా అంటే, అదీ లేదు. తెలంగాణలో 2023 డిసెంబర్ 9న మొదలైన మహాలక్ష్మి పథకం ఆ రాష్ట్ర మహిళలకే. ఏపీ అడ్రస్ ఉన్న ఆధార్ చూపిస్తే టికెట్ తీసుకోవాల్సిందే. రెండు రాష్ట్రాల్లోనూ ఆడవాళ్లకు ఫ్రీ బస్సు ఉంది, మార్కాపురం నుంచి వండర్‌లాకు వెళ్లే అమ్మకు మాత్రం ఎక్కడా ఫ్రీ లేదు!

సొంత కారు ఉన్నవాళ్లకూ ఓ చిక్కుంది. దోర్నాల-శ్రీశైలం ఘాట్ రోడ్డు పులుల అభయారణ్యంలోంచి వెళ్తుంది. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలను వదలరు. రాత్రికి బయల్దేరి తెల్లారేసరికి చేరాలంటే మాచర్ల, నాగార్జునసాగర్ మీదుగా వెళ్లాలి. రైలులో వెళ్దామంటే గుంటూరు-కాచిగూడ ఎక్స్‌ప్రెస్ నంద్యాల, కర్నూలు మీదుగా చుట్టూ తిరిగి వెళ్తుంది. దగ్గరలో ఇంకో పార్క్ ఉంటే ఈ బాధ ఉండేది కాదు. మంగళగిరి పక్కన చినకాకానిలో హాయ్‌ల్యాండ్ కట్టారు కానీ, అది అగ్రిగోల్డ్ ఆస్తుల కేసులో చిక్కుకుంది. వండర్‌లా పార్కులు హైదరాబాద్, బెంగళూరు, కొచ్చి, భువనేశ్వర్‌లో ఉన్నాయి. 2025 డిసెంబర్‌లో చెన్నైలోనూ తెరిచారు. చుట్టుపక్కల చాలా రాష్ట్రాల్లో కనిపిస్తాయి, ఏపీలో మాత్రం లేదు.

రేట్లు ఎందుకు పెరుగుతాయి?

పార్కుల వైపు నుంచి చూస్తే వాళ్ల లెక్క వాళ్లకుంది. పెద్ద రోలర్ కోస్టర్ పెట్టడమంటే కోట్లలో పెట్టుబడి. జనం వచ్చేది మాత్రం వేసవి, దసరా, క్రిస్మస్, సంక్రాంతి సెలవుల్లోనే. వానాకాలంలో మంగళవారం నాడు ఖాళీగా ఉన్నా కరెంటు, జీతాలు, మెయింటెనెన్స్ ఆగవు. భద్రత దగ్గర పొదుపు చేయడానికి వీల్లేదు, చేయకూడదు కూడా. అందుకే రద్దీ రోజుల్లో వీలైనంత రాబట్టుకుంటారు. సెలవు రోజుల్లో వేరే రేటు, క్యూ తప్పించుకోవాలంటే 'ఫాస్ట్ ట్రాక్' పేరుతో ఇంకా ఎక్కువ రేటు.. ఇవన్నీ అందులో భాగమే.

ట్యాక్స్ సంగతి కూడా చూడాలి. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు అమ్యూజ్‌మెంట్ పార్క్ టికెట్లపై 28 శాతం వేశారు. 2018 జనవరిలో దాన్ని 18 శాతానికి తగ్గించారు. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ రేట్లు మార్చినప్పుడు రూ.7,500 లోపు హోటల్ రూములపై పన్ను 12 నుంచి 5 శాతానికి వచ్చింది. రూ.100 లోపు సినిమా టికెట్‌కూ 5 శాతమే. పార్క్ టికెట్‌పై మాత్రం అదే 18 శాతం. పైన చెప్పిన రూ.4,900 టికెట్లలో దాదాపు రూ.750 పన్నే. సినిమా పేదవాడి వినోదం అయినప్పుడు, ఏడాదికోసారి పిల్లల్ని తీసుకెళ్లే పార్క్ మాత్రం విలాసం ఎలా అయిందన్నది అడగాల్సిన ప్రశ్నే.

రంగులరాట్నం లెక్క వేరు

మార్కాపురంలో ఎగ్జిబిషన్ పెట్టినా, చుట్టుపక్కల తిరునాళ్లు జరిగినా జెయింట్ వీల్, కొలంబస్, రంగులరాట్నం వస్తాయి. అక్కడ ఏది ఎక్కితే దానికే డబ్బులు. నాయనమ్మ బెంచీ మీద కూర్చుని చూస్తే ఆమెకు పైసా ఖర్చు లేదు. పార్కులో అలా కుదరదు. ఒక్క రైడ్ ఎక్కకపోయినా గేటు దాటాలంటే టికెట్ కొనాల్సిందే. పెద్దవాళ్లకు కాస్త తగ్గింపు ఉన్నా ఆ ఖర్చు ఖర్చే. దాంతో మొదట ట్రిప్‌లోంచి తీసేసేది ఇంట్లో ముసలివాళ్లనే. ఆ తర్వాత "మీరు వెళ్లి రండి, నేను ఉంటాలే" అనేది అమ్మ. కుటుంబమంతా కలిసి వెళ్లే ట్రిప్ కాస్తా నాన్నా పిల్లల ట్రిప్‌గా మారిపోతోంది.

ఇది మన దగ్గరే కాదు. అమెరికాలో డిస్నీ పార్కుల్లోనూ మొదట్లో రైడ్‌కు ఇంత అని కూపన్ పుస్తకాలు ఉండేవి. 1982లో వాటిని తీసేసి ఒకే టికెట్ పెట్టారు. 1971లో ఫ్లోరిడాలో మ్యాజిక్ కింగ్‌డమ్ తెరిచినప్పుడు పెద్దల ప్రవేశ రుసుము మూడున్నర డాలర్లు. 2025లో బాగా రద్దీ ఉండే రోజుల్లో 199 డాలర్లు. క్యూ తగ్గించే ఫాస్ట్‌పాస్ 2021 వరకు ఉచితం, ఆ తర్వాత దాని బదులు వచ్చిన దానికి డబ్బులు కట్టాలి. అక్కడ పిల్లలతో స్థిరపడ్డ మనవాళ్లు కూడా ఇండియా నుంచి అమ్మానాన్న వచ్చినప్పుడు ఓర్లాండో ట్రిప్ పెట్టుకోవాలంటే ఇదే లెక్క వేసుకోవాలి. అంకెలే వేరు.

స్కూల్ టూర్‌లో మిగిలిపోయే పిల్లలు

అసలు బాధ స్కూల్ టూర్ల దగ్గర కనిపిస్తుంది. గ్రూపుగా వెళ్తే పార్కులు రేటు తగ్గిస్తాయి. బస్సు ఖర్చు అందరికీ పంచుకుంటారు కాబట్టి తలసరి ఖర్చు ఇంటి ట్రిప్‌లో కంటే తక్కువే. అయినా ఒకేసారి రెండు మూడు వేలు కట్టాలంటే క్లాసులో కొందరు పిల్లలు పేరు ఇవ్వరు. "నాకు జ్వరం", "మా ఊరికి వెళ్తున్నా" అని సాకులు చెబుతారు. టూర్ అయ్యాక వారం రోజులు క్లాసంతా దాని కబుర్లే. టూర్‌ను జూన్‌లోనే ప్రకటించి నెలనెలా కొంత కట్టించుకుంటే మిగిలిపోయేవాళ్లు తగ్గుతారు. ఇది స్కూళ్లు చేయలేని పనేం కాదు.

దగ్గర్లో ఏముంది?

హైదరాబాద్ మానుకున్న కుటుంబాలకు చుట్టుపక్కల చోట్లు లేకపోలేదు. దోర్నాల మీదుగా శ్రీశైలం ఉంది. చంద్రశేఖరపురం మండలంలో కొండను తొలిచిన గుళ్లు, జలపాతంతో భైరవకోన ఉంది. కంభం చెరువుకు 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు వచ్చింది. గట్టు మీద నిలబడి చూస్తే నీళ్లున్న ఏడాది అది సముద్రంలా ఉంటుంది. అసలు సముద్రమే కావాలంటే ఒంగోలు దగ్గర కొత్తపట్నం బీచ్ ఉంది. ఒంగోలు దాకా ఎక్స్‌ప్రెస్ బస్సులో ఆడవాళ్లకు టికెట్ అక్కర్లేదు. పిల్లల్ని అలల్లోకి ఒంటరిగా వదలకూడదన్నది మాత్రం మర్చిపోవద్దు.

ఇవన్నీ చెబితే పిల్లల నుంచి వచ్చే జవాబు కూడా తెలిసిందే. "అక్కడ రోలర్ కోస్టర్ ఉండదుగా!" నిజమే. గుడి, చెరువు, బీచ్ దేనికదే బాగుంటాయి కానీ పార్కుకు బదులు కావు. అందుకే ఏటా వెళ్లడం మానేసి రెండేళ్లకో మూడేళ్లకో ఒకసారి వెళ్లడం మంచి దారిలా కనిపిస్తోంది.

వెళ్లాలనుకుంటే ఇవి చూసుకోండి

సెలవులు ఏప్రిల్ చివర్లో మొదలై జూన్ రెండో వారం దాకా ఉంటాయి. అందులో శని, ఆదివారాలు వదిలేసి మంగళ, బుధవారాలు పెట్టుకుంటే టికెట్ తగ్గుతుంది, క్యూలూ తగ్గుతాయి. పార్క్ సొంత వెబ్‌సైట్‌లో ముందుగా బుక్ చేస్తే తగ్గింపులు కనిపిస్తాయి. పది, ఇంటర్ రాసిన పిల్లలుంటే హాల్ టికెట్ ఒరిజినల్ వెంట తీసుకెళ్లండి, పరీక్షల తర్వాత దానిపై ఆఫర్లు ఇస్తుంటారు. నైలాన్ లేదా పాలిస్టర్ డ్రెస్సులు మార్కాపురంలోనే కొనుక్కుంటే అక్కడ ఎక్కువ పెట్టక్కర్లేదు. కాటన్ బట్టలతో నీళ్లలోకి దిగనివ్వరు. పిల్లల ఎత్తు ఇంట్లోనే గోడకు నిలబెట్టి కొలవండి. 138 సెంటీమీటర్లుంటే ఈ వేసవే వెళ్లడం నయం!

రాత్రి బస్సుకు వెళ్లి, మర్నాడు రాత్రి బస్సుకే తిరిగొచ్చేస్తే లాడ్జి ఖర్చు మిగులుతుంది. కానీ రోజంతా ఎండలో తిరిగిన చిన్న పిల్లలతో అది కష్టమే, ఐదారేళ్ల లోపు పిల్లలుంటే వద్దు. ఇంకో విషయం, పార్క్ టికెట్ తేదీ మార్చుకునే వీలుందో లేదో బుక్ చేసేముందే చదవండి. హైదరాబాద్‌లో ఉండేవాళ్లకు ఒక రోజు అటూ ఇటూ అయినా పర్లేదు. మార్కాపురం నుంచి వెళ్లేవాళ్లకు పార్క్ టికెట్‌తో పాటు బస్సు టికెట్లు, రూమ్ కూడా అదే తేదీకి ముడిపడి ఉంటాయి.