తివాచీ వేయించే ముందు
(స్త్రీల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



ముందుగది నిండా, గోడ నుంచి గోడ దాకా తివాచీ వేయించుకోవాలని యిప్పుడు చాలామందికి సరదా. రంగు ఎంచుకోవటానికి నాలుగు దుకాణాలు తిరుగుతాం, బేరమాడతాం, అడ్వాన్సు యిస్తాం. ఫలానా రోజు పొద్దున్నే వస్తామంటారు పరిచేవాళ్ళు. తీరా వాళ్ళు వచ్చి గుమ్మంలో నిలబడ్డాక గాని మనకి తట్టదు, గది నిండా సామాను వుందని! అప్పుడు సోఫాలూ, బీరువా, టీవీ హడావిడిగా పక్క గదిలోకి తోసేస్తాం. నేల ఎలా వుందో చూసే తీరిక ఎవరికీ వుండదు. పరిచేవాళ్ళ పని ఒక పూట. ఆ తివాచీ పదేళ్ళు మన్నుతుందా, రెండేళ్ళకే ముక్కిపోతుందా అన్నది మాత్రం అంతకు ముందు వారంలో మనం చూసుకున్న దాన్నిబట్టి వుంటుంది.

వరంగల్ జంపఖానాకి గాని, ఏలూరు తివాచీకి గాని యీ బాధ లేదు. చుట్టి ఎత్తి, డాబా మీద ఎండలో వేసి, కర్రతో దులిపి మళ్ళీ వేసుకుంటాం. యిది అలా కాదు. గోడవార మేకుల పట్టీలకి తగిలించో, కింద జిగురు రాసో బిగించేస్తారు. ఆ తర్వాత అడుగున ఏం జరుగుతోందో మన కంటికి కనబడదు.

అందుకని మొట్టమొదట చూడవలసింది నేలలో చెమ్మ. పైకి పొడిగా వున్న నేలలో కూడా చెమ్మ వుండొచ్చు. ముఖ్యంగా కింది అంతస్తు యిళ్ళలోనూ, స్నానాలగదిని ఆనుకున్న గోడవారా. తెలుసుకోవటానికి సులువైన పద్ధతి ఒకటుంది. అడుగున్నర పొడవూ, అంతే వెడల్పూ వున్న మందపాటి ప్లాస్టిక్ కాగితం నేల మీద పరిచి, నాలుగు అంచులూ గాలి చొరకుండా టేపుతో అతికించండి. ఒక పగలూ ఒక రాత్రీ వదిలేసి, తీసి చూడండి. లోపలివైపు నీటిబొట్లు కనబడినా, ఆ మేర నేల రంగు ముదిరినా చెమ్మ వున్నట్టే. గదిలో రెండు మూడు చోట్ల యిలా చూడాలి. అలాంటి నేల మీద తివాచీ వేస్తే బూజు పడుతుంది. దుమ్ములో వుండే, కంటికి ఆనని పురుగులు చెమ్మకే పెరుగుతాయి, వాటివల్ల ఉబ్బసం వున్నవాళ్ళకి ఆయాసం ఎక్కువవుతుంది. యింట్లో అలాంటి పిల్లలో, పెద్దలో వుంటే యిది చిన్న సంగతి కాదండీ. "ఓ షీటు వేసి పరిచేస్తాం, ఏం కాదమ్మా" అంటారు. ఒప్పుకోకండి. గొట్టం కారుతోందో, గోడలోంచి దిగుతోందో కనిపెట్టి బాగుచేయించేదాకా తివాచీ వాయిదా వేయండి. నన్నడిగితే, సముద్రం ఒడ్డు ఊళ్ళలో వుండేవాళ్ళకి జంపఖానాయే నయం.

కొత్తగా సిమెంటు చేయించిన నేలయితే అంగుళం మందానికి సుమారు నెల రోజులు ఆరనివ్వాలి. వానాకాలమైతే యింకా ఎక్కువ. బకెట్లతో నీళ్ళు పోసి కడిగే అలవాటు మనకి ఎక్కువ కదా, ఆ వారం అది మానేసి గట్టిగా పిండిన గుడ్డతో తుడిపించండి. షాబాదు బండల నేలలో సందుల్లోకి నీరు దిగి అక్కడే వుండిపోతుంది. సందులూ, విరిగిన అంచులూ ముందే పూడ్పించాలి. లేకపోతే ఆ ఎగుడుదిగుళ్ళు పైకి తేలి, సరిగ్గా అక్కడే తివాచీ అరుగుతుంది.

గోడల రంగులూ, కరెంటు పనులూ, తలుపుల పాలిషూ అన్నీ తివాచీకి ముందే అయిపోవాలి. ద్వారబంధాల అడుగున మట్టిగీతలు కనబడితే చెద పట్టినట్టే, మందు కొట్టించి గాని ముందుకు వెళ్ళకండి. దుకాణంలో తివాచీ ముక్క, దాని కింద వేసే మెత్త ముక్క అడిగి తెచ్చుకోండి. రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి, వాటి మీదుగా తలుపు తెరిచి చూడండి. తట్టుకుంటే పెన్సిలుతో గీత గీసి, వడ్రంగి చేత అడుగున చిత్రిక పట్టించండి. తివాచీ చుట్టలు సాధారణంగా 12 అడుగుల వెడల్పులోనో, 4 మీటర్ల వెడల్పులోనో వస్తాయి. గది అంతకన్నా పెద్దదైతే అతుకు తప్పదు. అది గుమ్మంలోంచి నడిచే దారిలో పడకుండా చూడమని ముందే చెప్పండి.

యిక సామాను. గదులన్నీ ఒకే రోజు ఖాళీ చేయాలనుకోకండి. ఒక గది తర్వాత ఒక గది. సామాను జరపటం ఎవరి పనో, దానికి వేరే కూలి యివ్వాలో అడ్వాన్సు యిచ్చేటప్పుడే తేల్చుకోవాలి. ఆ పొద్దున "అది మా పని కాదమ్మా" అన్నారంటే మనమే కొంగు బిగిస్తాం. ఆడవాళ్ళకి నడుం పట్టేసేది యిలాంటి రోజుల్లోనే! యినుప బీరువాని చీరెలతో సహా నెట్టకండి. అరలు ఖాళీ చేసి, తలుపుకి తాళం వేసి, నిలువుటద్దం మీద దుప్పటి కట్టి, కాళ్ళ కింద మడిచిన గోనెసంచి దూర్చి యిద్దరు మనుషుల చేత మెల్లగా జరిపించండి. మీవారు "నేనొక్కణ్ణే చాలు" అన్నా సరే, యిద్దరే. నగలూ, స్థలం కాగితాలూ ముందురోజే బ్యాంకు లాకర్లో పెట్టేయండి. కొత్త మనుషులు యిల్లంతా తిరిగే రోజున అవి యింట్లో ఎందుకు? మంచం విప్పితే దాని బోల్టులు గుడ్డసంచిలో వేసి ఆ మంచం కోడుకే కట్టండి. ఫ్రిజ్జుని నిలువుగానే జరపాలి. పడుకోబెట్టవలసి వస్తే, నిలబెట్టాక కొన్ని గంటలాగి స్విచ్చి వేయండి.

వైర్లు వూడదీసే ముందు ఏది ఎక్కడ పెట్టి వుందో ఫోనుతో ఫోటో తీసుకోండి. కనబడకుండా తివాచీ కిందనుంచి పోనిద్దామని ఎవరో ఒకరు అంటారు. కరెంటు వైరు కింద వేయనే కూడదు. తొక్కుళ్ళకి పైతొడుగు అరుగుతుంది, వేడి బయటికి పోదు, నిప్పు రాజుకోవచ్చు. యింటర్నెట్ ఫైబరు తీగ అయితే గట్టిగా మడత పడితే చాలు, లోపలి గాజుపోగు తెగుతుంది.

జిగురుతో అతికించే పద్ధతి అయితే యింకా జాగ్రత్త. ఆ జిగుళ్ళలో కొన్నిటినుంచి పెట్రోలులా అంటుకునే ఆవిరి వస్తుంది. అది గాలికన్నా బరువు, నేలబారున పక్క గదిలోకి పాకుతుంది. డబ్బా మీద మంట గుర్తు వుందేమో చూడండి. ఆ పూట పూజ తెల్లవారుజామునే ముగించుకుని, దేవుడి గదిలో దీపం కొండెక్కాకే పని మొదలుపెట్టించాలి. అగరువత్తి, గ్యాసు పొయ్యి, పనివాళ్ళ బీడీ ఏదీ పనికిరాదు. వంట ముందే చేసేయండి, వాళ్ళకి టీ ఫ్లాస్కులో పోసి వుంచండి. కిటికీలన్నీ తెరిచి, పసిపిల్లలనీ, గర్భిణులనీ, ఉబ్బసం వున్నవాళ్ళనీ వాసన పోయేదాకా ఒకటి రెండు రోజులు చుట్టాలింట్లో వుంచటం మంచిది.

పని అయ్యాక మిగిలిన ముక్కలు పరిచేవాళ్ళు చుట్టి పట్టుకుపోబోతారు. రెండడుగుల ముక్క ఒకటి అడిగి తీసుకుని, వెనక గది పేరూ తేదీ రాసి అటక మీద పెట్టుకోండి. రేపు ఎవరైనా యిస్త్రీపెట్టె ఆనించి కాల్చినా ఆ మేర కోసి అతికించుకోవచ్చు. అప్పుడు వెతుక్కుంటే అదే రంగు దుకాణంలో దొరకదు.