ఇల్లు కొనుటకు ముందు ఇంజనీరు నివేదిక

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అను సామెత మనకందరకును తెలిసినదే. ఆ సామెత పుట్టిన కాలమున ఇల్లు కావలసినవాడు ఇల్లు కట్టుకొనెడివాడు. పునాది ఎంత లోతు త్రవ్విరో, సున్నము గానుగలో ఎన్ని దినములు ఆడినదో, దూలమునకు ఏ కలప వాడిరో తన కన్నులతో తాను చూచెడివాడు. నేడు పట్టణ ప్రాంతములలో పెక్కుమంది గృహస్థులు కట్టిన ఇంటిని కొనుచున్నారు. కట్టినవాడు చూచినదానిని కొనువాడు చూడలేదు. అతని కంటికి కనబడునది గోడ మీది రంగు, నేల మీది పలకలు, తలుపుల నగిషీ మాత్రమే. రంగు వెనుక నున్నదేమో అతనికి చెప్పువారెవరు? ఈ ప్రశ్నకు సమాధానముగా పుట్టినదే కొనుగోలుదారుని పక్షమున ఇంజనీరు వ్రాసి యిచ్చు పరీక్షా నివేదిక.

హైదరాబాదునకు దక్షిణమున నున్న శంషాబాదును చూడుడు. 2008 మార్చిలో అచ్చట అంతర్జాతీయ విమానాశ్రయము ప్రారంభమైనది. అంతవరకు జొన్న, కూరగాయలు పండిన చేలు కొన్నియేండ్లలో గజముల లెక్కన అమ్ముడు పోయినవి. ఔటర్ రింగు రోడ్డు, బెంగుళూరు రహదారి కలియు ఈ ప్రాంతమున నేడు ఫ్లాటులు, విల్లాలు, ఖాళీ స్థలములు కొనువారిలో ఉద్యోగస్థులు, ఫించనుదారులు, విదేశములనుండి డబ్బు పంపు పిల్లల తల్లిదండ్రులు కలరు. వీరిలో అనేకులకు ఇది జీవితములో ఒక్కసారి చేయు కొనుగోలు. పొరపాటు జరిగినచో సరిదిద్దుకొనుటకు రెండవ జీవితము లేదు.

ఇట్టి కొనుగోలునందు సాధారణముగా ఇద్దరు నిపుణులు పనిచేయుదురు. మొదటివారు న్యాయవాది. ఆయన లింకు దస్తావేజులను, ఇ.సి.ని పరిశీలించి హక్కు నిర్దోషమా కాదా చెప్పును. రెండవవారు బ్యాంకు పంపు విలువకట్టు ఇంజనీరు. ఈయన నివేదికను చూచి గృహస్థుడు ధైర్యము తెచ్చుకొనుట కద్దు. కాని ఆ నివేదిక బ్యాంకు కొరకు వ్రాసినది. ఇచ్చిన అప్పునకు ఆస్తి చాలునా అనునది దాని ప్రశ్న. స్నానాల గది గోడలో చెమ్మ ఉన్నదా, స్లాబులోని ఇనుము త్రుప్పుపట్టినదా అనునవి దాని ప్రశ్నలు కావు. కొనువాని పక్షమున ఇంటిని చూచు మూడవ నిపుణుడు మన వద్ద ఇంకను అరుదు.

ఇంగ్లండులో ఇట్టి పరీక్ష చిరకాలముగ వాడుకలో నున్నది. 1868లో లండనులో స్థాపితమై, నేడు రాయల్ ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ చార్టర్డ్ సర్వేయర్స్ అని పిలువబడు సంస్థ, ఇంటి పరీక్షలను మూడు స్థాయిలుగా విభజించినది. క్రొత్త చిన్న ఇంటికి సంక్షిప్త నివేదిక, సామాన్య గృహమునకు మధ్యస్థ నివేదిక, పాతదో మార్పులు చేసినదో అయిన ఇంటికి సవిస్తర నివేదిక. మధ్యస్థ నివేదికలో ఇంటి ప్రతి అంగమునకు ఒక అంకె వేయుదురు. 1 అనగా ప్రస్తుతము మరమ్మతు అక్కరలేదు. 2 అనగా మరమ్మతు కావలెను కాని తొందర లేదు. 3 అనగా వెంటనే చూడవలసినది. చూడ వీలుకాని భాగమును చూడలేదనియే వ్రాయుదురు. ఈ పద్ధతిని మన ఇంజనీరును కూడ అనుసరింపుమని మనము కోరవచ్చును.

ఈ పరీక్ష యెందులకు అవసరమో మన చట్టమే సూచించుచున్నది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 55వ సెక్షను ప్రకారము, అమ్మువాడు తనకు తెలిసిన ముఖ్యలోపములను కొనువానికి చెప్పవలెను. అయితే ఆ బాధ్యతకు ఒక హద్దు కలదు. సాధారణ జాగ్రత్త వహించినచో కొనువాడే కనుగొనగల లోపమునకు ఆ బాధ్యత వర్తింపదు. కనుక కంటికి కనబడు బీటను చూడక కొన్నవాడు పిమ్మట అమ్మినవానిని నిందించుట కష్టము. నివేదిక అనగా ఆ జాగ్రత్తయే కాగితము మీద పెట్టుట.

ఇక నివేదికలో ఏమేమి యుండవలెనో క్రమముగా చూతము.

మొదటిది గుర్తింపు, కొలత. దస్తావేజులోని సర్వే నంబరు, ప్లాటు నంబరు, నాలుగు హద్దులు నేల మీద సరిపోవుచున్నవా? పొలము నుండి విడదీసిన స్థలమైనచో టిప్పన్, గ్రామ పటములతో హద్దురాళ్లను పోల్చవలెను. గుంట అనగా 121 చదరపు గజములు, నలుబది గుంటలు ఎకరము. ఒక ఉదాహరణ తీసికొందము. దస్తావేజులో 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు, అనగా 200 గజములని యున్నది. టేపు పెట్టి చూడగా వెడల్పు 28 అడుగుల 6 అంగుళములే వచ్చినది. అప్పుడు స్థలము 190 గజములే. అడుగున్నర తరుగును కన్ను పట్టదు. కాని పది గజముల వెల పోయినది. ఫ్లాటు విషయమున లోపలి వాడుక విస్తీర్ణమును వేరుగా కొలిచి వ్రాయవలెను. మెట్లు, నడవలు కలిపి చెప్పు అంకె వేరు, కాపురముండు గదుల అంకె వేరు.

రెండవది స్థలము యొక్క పరిసరము. శంషాబాదు ప్రాంతమున ఇది మిక్కిలి ముఖ్యము. ఏలయన ఇది చెరువుల దేశము. గగన్‌పహాడ్‌లోని అప్ప చెరువు 2020 అక్టోబరు నాటి కుండపోత వర్షమునకు తెగినది. నీరు బెంగుళూరు జాతీయ రహదారి మీదికి పొంగి వాహనములను, మనుష్యులను కొట్టుకొనిపోయినది, ప్రాణనష్టము జరిగినది. నీరు తన దారిని మరువదు. చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు నిలుచు గీటును ఎఫ్.టి.ఎల్. అందురు. 2012 నాటి భవన నిర్మాణ నియమముల ప్రకారము పది హెక్టారులు, అంతకు మించిన చెరువులకు ఆ గీటునుండి 30 మీటర్లు, అంతకు చిన్నవానికి 9 మీటర్లు విడిచి కట్టవలెను. చెరువులను, ప్రభుత్వ స్థలములను కాపాడుటకు హైడ్రా అను సంస్థ 2024లో ఏర్పడి, ఆ యేడే అప్ప చెరువులోని అక్రమ కట్టడములను కూడ తొలగించినది. కావున ఇంజనీరు తన నివేదికలో సమీపమందలి చెరువు, దాని గీటు నుండి దూరము, అలుగు నీరు పోవు కాలువ దారి, వీధి కంటె ఇంటి నేల ఎంత ఎత్తుననున్నది వ్రాయవలెను. పొరుగువారిని, "వానకాలమున నీరు ఎంతవరకు వచ్చినది?" అని అడుగుట కూడ పరీక్షలో భాగమే.

ఇచ్చటనే జంట జలాశయముల విషయము చెప్పవలసియున్నది. 1908 మూసీ వరదల అనంతరము ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు నిర్మితమైనవి. వాని పరీవాహక ప్రాంతమును కాపాడుటకు 1996లో ప్రభుత్వము 111వ నంబరు ఉత్తర్వును జారీ చేసినది. శంషాబాదు మండల గ్రామములతో సహా 84 గ్రామములు దాని పరిధిలోనికి వచ్చినవి. అంతకు మునుపే 1993లో శంషాబాదు మండలము పెద్దషాపూరులో ఒక నూనెల పరిశ్రమవారు కర్మాగారము కొరకు పండ్రెండెకరముల భూమిని కొనిరి. జలాశయములకు పది కిలోమీటర్లలోపు నున్నందున కాలుష్య నియంత్రణ మండలి అనుమతి నిరాకరించినది. వ్యాజ్యము సుప్రీంకోర్టు వరకు పోయినది. చివరకు 2000లో కోర్టు మండలి పక్షముననే తీర్పు చెప్పినది. భూమి వారిదే, దస్తావేజు వారిదే. తలచిన పని మాత్రము దానిమీద చేయవీలు లేకపోయినది. హక్కు వేరు, వినియోగము వేరు అనుటకు ఇంతకంటె సాక్ష్యమేల? 111వ ఉత్తర్వులోని ఆంక్షలను సడలించుచు ప్రభుత్వము 2022లో 69వ నంబరు ఉత్తర్వును ఇచ్చినది. అయినను కొనబోవు సర్వే నంబరునకు నేడు ఏ నియమము వర్తించునో హెచ్.ఎం.డి.ఎ. నుండి వ్రాతమూలకముగ తెలిసికొని నివేదికకు జతపరచుట శ్రేయస్కరము.

మూడవది విమానాశ్రయమునకు సంబంధించినది. విమానములు సురక్షితముగ దిగుటకు, ఎగురుటకు చుట్టుపట్ల కట్టడముల ఎత్తునకు పరిమితి కలదు. ఆ పరిమితిని సముద్రమట్టము నుండి లెక్కింతురు. మేడను మనము నేల నుండి లెక్కింతుము. చిక్కంతయు ఈ తేడాలోనే యున్నది. ఉదాహరణకు అనుమతించిన శిఖరము సముద్రమట్టము నుండి 640 మీటర్లు, మీ స్థలమే 615 మీటర్ల ఎత్తున నున్నదనుకొనుడు. కట్టుటకు మిగిలినది 25 మీటర్లే. నీటి తొట్టి, లిఫ్టు గది కూడ అందులోనే ఇమడవలెను. ఇక శబ్దము మాట. ఈ విమానాశ్రయపు రన్‌వేలు తూర్పు పడమరలుగ నున్నవి. కనుక వానికి తూర్పునను, పడమటను ఆ వరుసలో నున్న ఇండ్ల మీదుగా విమానములు తక్కువ ఎత్తున పోవును. పగలు ఒక గంట చూచి ఇల్లు నిశ్శబ్దముగ నున్నదని తలపరాదు. గాలిని బట్టి దిగు దిక్కు మారును. రాత్రివేళ మరియొకసారి పోయి వినవలెను.

నాలుగవది ఇంటి శరీరము. ఇచ్చట నేల చాలవరకు రాతి నేల. మొరము గట్టిది, పునాదికి మంచిది. కాని అక్కడక్కడ నల్లరేగడి పాయలు కలవు. రేగడి వానకు ఉబ్బును, ఎండకు ముడుచుకొనును. దానితో గోడలు కదలును. గుంటలు పూడ్చిన నేల నెమ్మదిగా క్రుంగును. ఈ రెండింటి గుర్తులు బీటలే. ప్లాస్టరుపై వెంట్రుకవంటి బీట తరచుగా భయపడదగినది కాదు. కిటికీ మూలనుండి ఏటవాలుగ ప్రాకి, 5 మిల్లీమీటర్లు దాటిన బీట అనుమానింపదగినది. బీటకు అడ్డముగ సన్నని గాజు పలకను అంటించి కొన్ని వారములు చూచు పాత పద్ధతి నేటికిని పనికివచ్చును. గాజు పగిలినచో కదలిక ఇంకను ఆగలేదని అర్థము.

స్లాబు అడుగున గోధుమరంగు మరకలు, పెచ్చులు ఊడుట కనబడినచో లోపలి ఇనుము త్రుప్పుపట్టుచున్నదనుట. త్రుప్పు ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమించి కాంక్రీటును చీల్చును. ఇంజనీరు కాంక్రీటును చిన్న ముక్క తీసి ఫినాల్ఫ్తలీన్ ద్రవము చల్లి చూచును. గులాబిరంగు వచ్చినచో కాంక్రీటు ఇనుమును ఇంకను కాపాడుచున్నది. రంగు రానిచో ఆ కాపుదల పోయినది. గోడ అడుగున తెల్లని చవుడు పొంగు, పైకప్పు మూలల బూజు, ద్వారబంధములలో చెదల మట్టి గొట్టములు, ఇవన్నియు నివేదికలో గది గదికి వ్రాయవలసినవే. అమ్మకమునకు నాలుగు దినములు ముందు వేసిన క్రొత్తరంగు ఒక్క గోడకే యున్నచో, ఆ గోడను రెండుమారులు చూడవలెను.

అయిదవది నీరు, విద్యుత్తు, మురుగు. బోరు నీటిని ప్రయోగశాలకు పంపవలెను. భారతీయ ప్రమాణము ప్రకారము త్రాగునీటిలో కరిగిన లవణములు లీటరుకు 500 మిల్లీగ్రాములు, ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము మించకుండుట మేలు. విద్యుత్తునందు ఎర్తింగు పనిచేయుచున్నదా, షాకు తగిలినంతనే సరఫరా ఆపు ఉపకరణము కలదా చూడవలెను. మురుగు ఎచ్చటికి పోవుచున్నది? వీధి కాలువకా, తన సెప్టిక్ ట్యాంకునకా? ఈ ప్రశ్నను ఇల్లాండ్రు మొదట అడుగుదురు, మగవారు ఇంటిలో చేరినపిమ్మట అడుగుదురు!

మంచి నివేదిక తన హద్దును తానే చెప్పును. మంచము క్రింది నేల, అలమర వెనుక గోడ, భూమిలోని పునాది చూడలేదని వ్రాసిన ఇంజనీరును శంకింపరాదు. అన్నియు చూచితిననువానినే శంకింపవలెను. చివర మరమ్మతుల పట్టిక, వాని అంచనా ఖర్చు, ఏది ముందు ఏది వెనుక అను క్రమము ఉండవలెను. ఆ పట్టికయే బేరమునకు ఆధారము. మిద్దె మీద జలనిరోధక పని చేయింపవలసియున్నచో ఆ మొత్తమును వెలలో తగ్గింపుమని కాగితము చూపి అడుగవచ్చును.

క్రొత్త ఫ్లాటు కొనువారికి 2016 నాటి రెరా చట్టము ఒక రక్షణ కల్పించినది. స్వాధీనము చేసిన నాటి నుండి అయిదేండ్లలోపు నిర్మాణ లోపము బయటపడి తెలియజేసినచో, నిర్మాత ముప్పది దినములలో ఉచితముగ సరిచేయవలెను. కావున స్వాధీనము నాడు ఒకసారి, అయిదవ యేడు ముగియక మునుపు మరియొకసారి పరీక్ష చేయించుట తెలివైన పని. పాత ఇల్లు కొనువారికి ఈ రక్షణ లేదు. వారికి ముందు చూపే రక్షణ.

పెండ్లి సంబంధము చూచునపుడు మనము ఏడు తరములు విచారింతుము. బంగారము కొనునపుడు గీటురాయి అడుగుదుము. ఆ రెంటికంటె ఎక్కువ ధనము పెట్టి కొను ఇంటిని మాత్రము ఒక సాయంకాలము చుట్టివచ్చి బయానా ఇచ్చివేయుచున్నాము. బయానా ఇచ్చుటకు ముందు ఒక ఇంజనీరును, ఒక టేపును, ఒక టార్చిలైటును ఆ ఇంటిలోనికి పంపుడు. ఇల్లు బాగున్నదని నివేదిక వచ్చినచో ఫీజు దండుగ యని వగవనక్కరలేదు. ఆ రాత్రి నిశ్చింతగ పట్టిన నిద్రయే దాని ప్రతిఫలము.