‘వ్యక్తిగత కారణాల’ వెనుక ఉన్నదేమిటి?

రోహిత్ వేముల మరణంపై కేంద్ర మానవ వనరుల మంత్రిత్వ శాఖ నియమించిన ఏకసభ్య కమిషన్ 2016లో నివేదిక ఇచ్చింది. ఆ మరణానికి వ్యక్తిగత నైరాశ్యమే కారణమని, విశ్వవిద్యాలయ నిర్ణయాలకు దానితో సంబంధం లేదని అందులో తేల్చింది. 2024 మే నెలలో వెలుగుచూసిన పోలీసుల ముగింపు నివేదిక మరో అడుగు ముందుకేసింది. తన కులధ్రువపత్రం నిజం కాదని బయటపడుతుందన్న భయం అతణ్ని వెంటాడి ఉండవచ్చని ఊహించింది. నిరసనలు వెల్లువెత్తాక తదుపరి దర్యాప్తు జరుపుతామని పోలీసు ఉన్నతాధికారులు ప్రకటించారు. ఈ రెండు పత్రాలనూ రాసింది మనస్తత్వవేత్తలు కాదు. అయినా రెండూ మనస్తత్వ నిర్ధారణకే పూనుకున్నాయి. బయట జరిగినదాన్నంతా పక్కన పెట్టి, చనిపోయిన యువకుడి మనసులోనే నేరస్థలాన్ని వెతికాయి.

ఆత్మహత్యలపై మనస్తత్వ శాస్త్రం నిజంగా చెప్పేది వేరు. 1950ల చివర లాస్ ఏంజెలిస్‌లో ఎడ్విన్ ష్నైడ్‌మన్, ఆయన సహచరులు ఒక పరిశోధనా పద్ధతిని రూపొందించారు. ఒక రకంగా అది మనసుకు జరిపే పంచనామా. మరణించిన వ్యక్తి కుటుంబాన్ని, స్నేహితులను, తోటివారిని విడివిడిగా కలుస్తారు. ఉత్తరాలు, వైద్య పత్రాలు చూస్తారు. చివరి నెలల జీవితాన్ని వరుసక్రమంలో తిరిగి కూర్చుతారు. అప్పులు, అవమానాలు, తెగిపోయిన సంబంధాలు, మూసుకుపోయిన దారులు అన్నీ అందులోకి వస్తాయి. ఏ బలవన్మరణానికీ ఒకే కారణం ఉండదన్నది ఈ పద్ధతి నేర్పిన మొదటి పాఠం. కులమే ఏకైక కారణమనడం తొందరపాటయితే, ‘వ్యక్తిగతం’ అని ఫైలు మూసేయడం అంతకన్నా పెద్ద తొందరపాటు. మొదటి తొందరపాటులో దుఃఖం ఉంది, రెండోదానిలో ప్రయోజనం ఉంది.

ఈ చర్చలో తరచూ మరచిపోయే మరో పుట ఉంది. ఫ్రెంచి సమాజ శాస్త్రవేత్త ఎమిలీ డర్క్‌హైమ్ 1897లో ఆత్మహత్యలపై వెలువరించిన గ్రంథంలో మూడు రకాలను విస్తారంగా వివరించాడు. నాలుగోదాన్ని మాత్రం ఒక అధ్యాయం చివర ఫుట్‌నోట్‌లో ప్రస్తావించి వదిలేశాడు. భవిష్యత్తును నిర్దయగా మూసివేసే అతి నియంత్రణ వల్ల జరిగే మరణాలవి. అందుకు ఆయన ఇచ్చిన ఉదాహరణల్లో బానిసలు ఉన్నారు. తన కాలానికి దాని ప్రాముఖ్యం తక్కువని ఆయన భావించాడు. ఫ్రాన్స్‌లో కూర్చుని చూసినవాడికి అది ఫుట్‌నోట్. పుట్టుకతోనే హద్దులు గీసే సమాజంలో అదే అసలు అధ్యాయం కావలసింది. మన విశ్వవిద్యాలయాల సమాజ శాస్త్ర శాఖలు ఆ అధ్యాయాన్ని పూర్తిచేసి ఉంటే బాగుండేది!

ఇటీవలి పరిశోధనల్లో ఎక్కువ ప్రభావం చూపినది అమెరికన్ మనస్తత్వవేత్త థామస్ జాయినర్ 2005లో ప్రతిపాదించిన సిద్ధాంతం. తనవారంటూ ఎవరూ లేరన్న భావన, తాను ఇతరులకు భారమయ్యానన్న భావన కలిసినప్పుడు చనిపోవాలన్న కోరిక పుడుతుందని, దానికి మరణభయాన్ని అధిగమించే స్థితి తోడైతే ప్రమాదం తీవ్రమవుతుందని ఆయన వాదన. ఇందులో కీలకమైన మాట ‘భావన’. చికిత్స కూడా అక్కడి నుంచే మొదలవుతుంది. నీ ఆలోచనకు ఆధారమేమిటి, దాన్ని మరోలా చూడలేవా అని చికిత్సకుడు ఓపికగా అడుగుతాడు. ఈ పద్ధతి మళ్లీ ఆత్మహత్యాయత్నం జరిగే ప్రమాదాన్ని తగ్గిస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి. కాబట్టి దాన్ని తేలికగా తీసిపారేయలేం.

కానీ 2015 డిసెంబరులో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అయిదుగురు దళిత పరిశోధక విద్యార్థులను హాస్టళ్ల నుంచి వెలివేసినప్పుడు, తాము ఇక్కడివారం కామన్నది వారి భావన మాత్రమేనా? అది కాగితంపై వచ్చిన ఉత్తర్వు. గుంపుగా ఉమ్మడి స్థలాల్లో తిరగరాదన్న ఆంక్ష కూడా అందులో ఉంది. ఆధారమేమిటని చికిత్సకుడు అడిగితే వారు ఆ ఉత్తర్వు ప్రతినే చూపగలరు. ఏడు నెలలుగా ఫెలోషిప్ అందని పరిశోధకుడికి, ఇంటికి ఆసరా కావలసినవాడు భారమయ్యాడన్న దిగులు ఆలోచనలోని లోపం కాదు. బ్యాంకు పాస్‌బుక్ చెప్పే సంగతి. ఉపకార వేతనాల ఆలస్యాన్ని మనం ఇంతకాలం ఆర్థిక శాఖ సమస్యగానే చూశాం. అది మానసిక ఆరోగ్య సమస్య కూడా.

వివక్ష మనసు మీద ఎలా పనిచేస్తుందో చూపిన భారతీయ ప్రయోగం ఒకటుంది. కార్లా హాఫ్, ప్రియాంక పాండే ఉత్తరప్రదేశ్‌లో ఆరు, ఏడు తరగతుల బాలురతో దాన్ని నిర్వహించి 2004లో ప్రకటించారు. అగ్రకులాల నుంచి 321 మంది, దళిత కులం నుంచి 321 మంది అందులో పాల్గొన్నారు. కాగితం మీద గీసిన చిక్కుదారుల్లోంచి బయటపడే మార్గాన్ని కనుక్కోవాలి, కనుక్కున్న కొద్దీ డబ్బు వస్తుంది. ఎవరి కులమూ ప్రకటించనప్పుడు రెండు వర్గాల పిల్లలూ దాదాపు సమానంగా రాణించారు. ఆ తర్వాత ప్రయోగశాలలో చేసిన మార్పు చాలా చిన్నది. ప్రతి పిల్లవాడి పేరు, ఊరు, తండ్రి పేరు, తాత పేరు, కులం అందరి ముందు చదివారు. ఔనా అంటే తల ఊపాలి, అంతే. దళిత బాలుర ఫలితాలు గణనీయంగా పడిపోయాయి. ఎవరూ వారిని తిట్టలేదు, కొట్టలేదు, ప్రశ్నపత్రం మారలేదు. తెలివీ మారలేదు. అందరి ముందూ కులం వినబడింది.

ఈ ప్రయోగం ఆత్మహత్యల గురించినది కాదు. కానీ ప్రవేశాల జాబితాలో ర్యాంకు పక్కన కేటగిరీ చదివే సీనియర్లను, ‘ఏ కోటా?’ అని మొదటి వారంలోనే ఆరా తీసే తరగతి గదులను తలచుకున్నవారికి దీని అర్థం విడమరచి చెప్పనక్కరలేదు. అక్కడ కొద్ది నిమిషాలు సాగిన ప్రయోగం ఇక్కడ అయిదేళ్లు సాగుతుంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో పరిస్థితులపై సుఖదేవ్ థోరాట్ కమిటీ 2007లోనే నివేదిక ఇచ్చింది. ఉపాధ్యాయుల నిరాదరణ, మౌఖిక పరీక్షల్లో పక్షపాతం, వేధింపులు తాళలేక హాస్టల్లో కొన్ని అంతస్తులకే చేరుకున్న దళిత, ఆదివాసీ విద్యార్థుల ఏకాకితనం అందులో నమోదయ్యాయి. మరుసటి ఏడాదే హైదరాబాద్ విశ్వవిద్యాలయ భౌతిక శాస్త్ర విభాగంలో సెంథిల్ కుమార్ మరణించాడు. పన్నియాండి కులం నుంచి పరిశోధన దాకా వచ్చిన అతనికి ఆ విభాగం గైడ్‌ను కేటాయించలేదు. 2019లో ముంబైలో పాయల్ తడ్వీ, 2023లో ఐఐటీ బొంబాయిలో దర్శన్ సోలంకి మరణించారు. ఆ తర్వాత చర్చ మళ్లీ మొదటి నుంచి మొదలయింది.

ఎందుకు మొదటి నుంచి? లెక్క లేదు గనుక. జాతీయ నేర గణాంకాల సంస్థ ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వారిలో 13,044 మంది విద్యార్థులు. వార్షిక నివేదికలో వయసు, లింగం, చదువు, వృత్తి, వైవాహిక స్థితి అన్నిటికీ పట్టికలున్నాయి. కారణాల జాబితాలో సామాజిక ప్రతిష్ఠ కోల్పోవడానికి సైతం ఒక గడి ఉంది. కులం పట్టిక లేదు, వివక్ష అన్న గడి లేదు. పోలీసు స్టేషన్లో నింపిన పత్రమే చివరకు జాతీయ గణాంకమవుతుంది. ‘కుటుంబ సమస్యలు’, ‘అనారోగ్యం’ అన్న గడుల్లో చేరిపోయిన మరణాల్లో ఎన్నింటికి వేరే చరిత్ర ఉందో ఆ పత్రం అడగదు. అడగని ప్రశ్నకు జవాబు లేదని చూపించి సమస్యే లేదనడం మన పాలనలో పాత అలవాటు.

చట్టం మాత్రం కొంత ముందుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆత్మహత్యాయత్నం చేసిన వ్యక్తిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టుగానే పరిగణించాలని, శిక్షించరాదని చెప్పింది. కుల వివక్ష లేకుండా చికిత్స పొందడాన్ని హక్కుగా గుర్తించింది. విశాఖపట్నంలో కోచింగ్ తీసుకుంటూ మరణించిన ఒక బాలిక కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు, వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా అర్హత గల కౌన్సెలర్‌ను నియమించాలని ఆదేశించింది. అదే ఏడాది మార్చిలో మరో కేసులో జస్టిస్ రవీంద్ర భట్ అధ్యక్షతన జాతీయ కార్యదళాన్ని ఏర్పాటు చేసింది. ఇవి మంచి అడుగులు. అయితే కౌన్సెలర్ గది ఉండటం వేరు, ఆ గదిలో కులం మాట ఎత్తగలగడం వేరు. ‘అంతా నీ ఊహ’ అనే కౌన్సెలర్ కన్నా తాళం వేసిన గదే నయం. తాళం కనీసం నీదే తప్పనదు.

మనవైపు లోపం కూడా చెప్పుకోవాలి. దళిత, బహుజన విద్యార్థి సంఘాలు హాస్టల్ జీవితంలో నిజమైన రక్షణ కవచాలు. వెలివాడ పేరిట వేసుకున్న గుడారం నిరసనకే కాదు, ఒంటరితనానికి కూడా జవాబు. మనుషుల మధ్య అనుబంధం ప్రాణాలు నిలుపుతుందని పరిశోధనలూ అంటున్నాయి. కానీ ఉద్యమంలో ఉన్నవాడు నిద్రపట్టడం లేదని, బతకాలనిపించడం లేదని చెబితే దాన్ని బలహీనతగా చూసే ధోరణి మనలో ఉంది. చనిపోయినవారి చిత్రపటాలకు ఇచ్చే స్థలాన్ని పక్క మంచం మీద మౌనంగా పడుకున్నవాడికి ఇవ్వడం లేదు. తనను తాను గాయపరచుకునే విద్యార్థిని ‘నాటకం’ అని నవ్వేవారు మన గదుల్లోనూ ఉన్నారు. అలా గాయపరచుకునే వారందరూ చావాలనుకోరు, కానీ వారికి ముందుముందు ప్రమాదం ఎక్కువన్నది స్థిరపడిన విషయం. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుడుతుందన్న భయానికీ ఆధారం లేదు. అడగాలి, విని పక్కనే ఉండాలి. టెలి మానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు.

మానసిక ఆరోగ్యంపై ఒక కళాశాలలో మాట్లాడి బయటికొస్తుంటే, సభలో నోరు విప్పని ఒక పరిశోధక విద్యార్థిని మెట్ల దగ్గర ఆపింది. ఆమె అడిగింది ఒక్కటే: “సర్, నేను కౌన్సెలర్‌కు చెప్పింది మా గైడ్‌కు తెలుస్తుందా?” చట్టం ప్రకారం తెలియకూడదన్నాను. చట్టం సంగతి కాదు సర్, ఇక్కడి సంగతి చెప్పండి, అంది.